యోహాను కోసం ప్రార్థన

పొద్దున ఎనిమిది కాకముందే ఎండ వాకిట్లోకి వచ్చి కూర్చుంది. గోదావరిఖనిలో ఎండకు ఎవరి పిలుపూ అక్కర్లేదు. కోడలు సారిక టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, కొంగు సర్దుకుంటూ తను టీచరుగా పనిచేసే బడికి బయల్దేరింది. కొడుకు మార్కుకు ఆ వారం సెకండ్ షిఫ్టు. మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటాడు కనుక లోపలి గదిలో ఫ్యాను కింద హాయిగా గురక పెడుతున్నాడు.

ఆ గురక వింటుంటే సత్యవతమ్మకు ఒళ్లు మండిపోతోంది. కన్నకొడుకు కంటినిండా నిద్రపోతుంటే తల్లికి మండడమేమిటని మీరడగవచ్చు. వాడు ఇంట్లో ఉన్నంతసేపూ టీవీ కింద ఉన్న డీవీడీ ప్లేయరు ముట్టుకోవడానికి లేదు మరి.

"సుజీ, మీ డాడీ వారమంత గిట్లనే ఇంట్ల పంటడా?" అని గుసగుసగా అడిగింది మనుమరాలిని.

డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న సుజిత వంటింట్లో టమాటలు కోస్తూ నవ్వాపుకుంది. "వారమంత గింతే నాయినమ్మా. అయినా నీకేం తొందర? ఆరో డిస్కు ఇంకా రిలీజే కాలే."

"కాకపోతే కాకపాయె. ఐదోదే ఇంకోపారి చూద్దునేమో."

సత్యవతమ్మంటే ఆ కాలనీలో చిన్న పేరేం కాదు. చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. భర్త బతికున్నన్నాళ్లూ బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేశాడు, ఇప్పుడు కొడుకు చేస్తున్నాడు. కొడుకు సంఘపెద్ద కూడా. ఆమె సినిమా చూడదు. సాయంత్రం సీరియళ్ల ముందు కూర్చునే ఆడవాళ్లను నిలబెట్టి మరీ కడిగేస్తుంది. అలాంటి మనిషి మోకాళ్ల నొప్పులతో మంచాన పడ్డప్పుడు, సుజిత అదే గదిలో జపాన్ బొమ్మల సీరియల్ ఒకటి పెట్టుకుంది. జ్యోతినగర్‌లో ఉండే స్నేహితురాలు వేదిక ఇచ్చిన డిస్కు అది. సత్యవతమ్మ మొదట కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది. ఆ తర్వాత రెండోది.

బొమ్మలంటే చిన్నపిల్లలవి కావు. పాదాల దాకా నల్లకోటు, వీపున కత్తి, మొహం మీద పడే తెల్లజుట్టు, ఇదీ అందులో కుర్రాడి వాలకం. పేరు యోహే. తల్లి మనిషి, తండ్రి దయ్యం. తల్లి పోయింది. ఊరి కింద పాడుబడ్డ గనుల్లోంచి దయ్యాలు పైకొస్తుంటే, ఊరంతా అసహ్యించుకునే ఈ కుర్రాడే లోపలికి దిగి వాటిని నరుకుతాడు. ఆ నరకడం కూడా ఎంత సొగసు! కోటు అంచు గాల్లో గిర్రున తిరుగుతుంది, వెనక బాకా మోగుతుంది, ఒక్క నెత్తుటి చుక్క కూడా ఆ మొహాన పడదు. మాటలు జపాన్‌వి, కింద అక్షరాలు ఇంగ్లీషువి. సుజిత అవి చదివి తెలుగులో చెప్పేది. నాయనమ్మకు పేరు నోరు తిరగక 'యోహాను' అనేసింది. ఆ రోజుతో వాడు ఆ ఇంట్లో క్రైస్తవుడైపోయాడు.

"పొద్దుమాపు బాయిలనే ఉంటడు. తిన్నవా బిడ్డా అని అడిగేటోళ్లే లేరు," అని ఆమె కళ్లొత్తుకునేది. నవ్వితే కోప్పడుతుందని సుజిత నవ్వేది కాదు.

ఐదో డిస్కు చివర గని పైకప్పు కూలింది. దుమ్ము లేచింది. ఆ దుమ్ములో యోహాను చెయ్యి ఒక్కటే కనబడి బొమ్మ ఆగిపోయింది. మిగతా కథ ఆరో డిస్కులో ఉంది. అదేమో బజారులోకి ఇంకా రాలేదు. రాగానే బెంగుళూరులో ఉన్న వేదిక అన్న కొని పంపుతాడట. పైకప్పు కూలడమంటే ఏమిటో సత్యవతమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. గురువారం స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు చెప్పే వంతు వచ్చింది. ఒకామె కూతురి కాన్పు గురించి చెప్పింది, ఒకామె మగని తాగుడు గురించి చెప్పింది. సత్యవతమ్మ తన మోకాళ్ల గురించి చెప్పాలనే నోరు తెరిచింది.

"ఒక పిలగాడున్నడు. తల్లి లేదు. పేరు యోహాను. పాణం మీదికొచ్చింది," అనేసింది.

"అయ్యో, ఏమైందక్కా? బాయిల దెబ్బనా?" అని పక్కనున్న సారవ్వ అడిగింది.

నవ్వేసి, బొమ్మల సీరియల్లో పిల్లవాడు అని చెప్పడానికి అదే సమయం. కానీ ఎదురుగా కూర్చున్నవాళ్లంతా సీరియళ్లు చూస్తారని తను తిట్టిన ఆడవాళ్లే. సత్యవతమ్మ తలూపింది. ఎక్కడ అంటే, రామకృష్ణాపూర్ గనుల దిక్కు అంది. సారవ్వ ఇంకేమీ అడగలేదు. ఆమె ఒక్కగానొక్క కొడుకు పైకప్పు కూలే చనిపోయాడు. ఆమె నుదురు నేలకానించి, "తల్లి లేని పిలగాన్ని కాపాడు తండ్రీ" అని వెక్కి వెక్కి ఏడ్చింది. గదంతా ఏడ్చింది. చివర సత్యవతమ్మ కూడా అందరితోపాటు ఆమేన్ అంది.

సరే, ఆ పొద్దున టమాటలు కోయడం అయిందో లేదో, గేటు ముందు ఆటో ఆగింది. సారవ్వ దిగింది. వెనకే స్త్రీల సమాజం వాళ్లు ఇంకో ఇద్దరు. ఒకరి చేతిలో హార్లిక్స్ సీసా, ఒకరి చేతిలో బత్తాయిలు, సారవ్వ చంకలో రొట్టె పొట్లం.

"సత్తెక్కా! తయారైనవా?"

"ఎటు?" అంది సత్యవతమ్మ.

"ఎటేంది? రామకృష్ణాపూర్! యోహానును చూసొద్దాం పా. దవాఖానల ఉన్నడా, ఇంటికి తెచ్చిండ్రా? గురారం నుంచి ఉపాసమున్న అక్కా. పిలగాని మొకం చూసినంకనే ముద్ద ముడ్త."

నాలుగు గొంతులకు మార్కు లేచొచ్చాడు. లుంగీ సర్దుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. "ఎవల యోహాను?"

"బాయిల పైకప్పు కూలిన పిలగాడు మార్కూ. మీ అవ్వ చెప్పలేదా?"

"రామకృష్ణాపూర్‌లనా? ఎప్పుడు?" మార్కు నిద్రంతా ఎగిరిపోయింది. "కప్పు కూలితే మాకు తెల్వకుంట ఉంటదా? షిఫ్టుల ఒక్కడన్న చెప్పడా? ఏ బాయి అవ్వా? నీకెవలు చెప్పిండ్రు?"

సత్యవతమ్మ కొడుకు మొహం చూసింది, సారవ్వ మొహం చూసింది. ఉపవాసంతో సారవ్వ పెదాలు పగిలి ఉన్నాయి.

వంటింటి గుమ్మం దగ్గర్నుంచి సుజిత ముందుకొచ్చింది. "నేనే చెప్పిన డాడీ. యోహాను మనిషి కాదు. డీవీడీల బొమ్మ. నిజమైన పిలగాడని నాయినమ్మకు నేనే అబద్ధం చెప్పిన. పాపం, ఆమె నమ్మింది."

మార్కు టీవీ కింద నుంచి డిస్కు పెట్టె తీశాడు. అట్ట మీద కొమ్ముల దయ్యం పళ్లికిలించి ఉంది. దాని ముందు నల్లకోటు కుర్రాడు కత్తి పట్టుకుని స్టయిలుగా నిలబడ్డాడు. మార్కు దాన్ని కూతురి మొహం ముందు ఊపాడు.

"సండేస్కూల్ పిల్లలకు పాటలు నేర్పే నోరేనా ఇది? దయ్యాల బొమ్మకోసం సారవ్వను ఉపాసముంచినవా? కొడుకును పోగొట్టుకున్న మనిషితోని ఆటలా?" చెయ్యెత్తాడు. ఎదిగిన పిల్ల అని గుర్తొచ్చి దించేశాడు. "అవ్వా, నువ్వన్న అడగొద్దా దీన్ని?"

అది సత్యవతమ్మ మాట్లాడవలసిన క్షణం. సుజిత ఒక్కసారి ఆమెవైపు చూసి చూపు తిప్పుకుంది. సత్యవతమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

సారవ్వ తిట్టలేదు. సుజిత దగ్గరికొచ్చి, "బొమ్మనా బిడ్డా?" అని మాత్రం అడిగింది. రొట్టె పొట్లం అరుగు మీద పెట్టి, వెనక్కి చూడకుండా ఆటో ఎక్కింది.

అందరూ వెళ్లాక వంటింట్లో సత్యవతమ్మ మనుమరాలి చెయ్యి పట్టుకుంది. "ఎందుకే గట్ల మీదేసుకున్నవ్?"

"నన్నైతే తిడ్తరు నాయినమ్మా, రెండు నెలలకు మర్శిపోతరు. నిన్నైతే నవ్వుతరు. నువ్వు తట్టుకోలేవ్." సుజిత ముక్కు ఎగబీల్చింది. "ఊకో ఇగ. అయిపోయింది."

నవ్వుతరు. తన భయమంతా ఆ ఒక్క మాటే. తన మనసులో దాచుకున్నదాన్ని ఆ పిల్ల ఎప్పుడో చదివేసి, దాన్ని కూడా కాపాడుతోంది. సత్యవతమ్మకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అప్పుడైనా వాకిట్లో కూర్చున్న కొడుకు దగ్గరికి వెళ్లొచ్చు. వెళ్లలేదు.

మార్కు పాస్టరుగారికి చెప్పాడు. ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. తప్పు చేసినవాళ్లు బల్ల ఆదివారం, అంటే ప్రభువు రొట్టె పంచే ఆదివారం, ఆఖరి బెంచీలో కూర్చోవాలి. వాళ్లకు రొట్టె ఇవ్వరు. ఆరాధన అయ్యాక అందరి ముందూ నిలబడి క్షమాపణ అడగాలి. సండేస్కూలు పిల్లల్ని కూడా వేరేవాళ్లకు అప్పగించారు. ఆ కబురు విని సుజిత ఏడ్చింది. దెబ్బకు కూడా ఏడవని పిల్ల, ఆ పిల్లలు తనకు దూరమయ్యారని ఏడ్చింది.

ఆదివారం పొద్దున సారిక చీర కుచ్చిళ్లు పెట్టుకుంటూ కూతుర్ని దులిపేసింది. "నీ వల్ల అత్తమ్మ తలెత్తుకోలేక పోతున్నది. రెండు రోజులైంది, బుక్కెడు తినలే. సూడు, మొకం ఎట్ల పీక్కపోయిందో!"

సుజిత తలొంచుకుని చెప్పులేసుకుంది. సత్యవతమ్మ ఆ మాట కూడా విని బైబిలు సంచిలో పెట్టుకుంది.

చర్చిలో ఆమె ఎప్పటిలాగే ముందు బెంచీలో కూర్చుంది. పాటలో ఏం పాడిందో, ప్రసంగంలో ఏం విన్నదో తెలియదు. ధ్యాసంతా వీపు వెనక ఆఖరి బెంచీ మీదే ఉంది. పాస్టరుగారు రొట్టె పళ్లెం తీసుకుని కిందికి దిగారు. అధ్యక్షురాలు గనుక ఆడవాళ్లలో మొదట ఆమెకే ఇస్తారు. పళ్లెం ఎదుటికొచ్చింది. సత్యవతమ్మ చెయ్యి చాపబోయి, ఆగిపోయింది.

"నాకొద్దయ్యగారూ," అంది.

మోకాళ్లు పట్టుకుని లేచింది. బెంచీలు పట్టుకుంటూ నడిచి ఆఖరి వరసకు చేరి, మనుమరాలి పక్కన నిలబడింది. మార్కు లేవబోతే చేత్తో వారించింది.

"ఇది నా జాగ. ఈ పిల్లది కాదు," అంది. "ఆ బొమ్మ సీరియల్ నేను చూసిన. రోజు చూసిన. దొంగతనంగ చూసిన. వాడు బొమ్మని నాకు తెలుసు. ప్రార్థన చెయ్యమని చెప్పింది నేను. బాయిల దెబ్బనా అంటే తలూపింది నేను. మీరు నవ్వుతరని భయపడ్డ. నా భయానికి నా బిడ్డను ఇక్కడ కూసోబెట్టిన. ఈ పిల్ల నాకోసం అబద్ధమాడుతుంటే చూసుకుంట నిలబడ్డ. మీ ముందు, దేవుని ముందు నాకు మొకం లేదు. నవ్వుండ్రి. నవ్వితే నవ్వుండ్రి."

ఎక్కడో ఒకరిద్దరు నిజంగానే కిసుక్కుమన్నారు. వెంటనే సర్దుకున్నారు. సారిక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మార్కు కూతురి వైపు చూడలేక నేల చూశాడు.

నడిమి వరసలోంచి సారవ్వ లేచింది. ఆమె నడిచొస్తుంటే సత్యవతమ్మ బెంచీ మీద కూలబడింది.

"సారవ్వా, నీ కన్నీళ్లతోని ఆడుకున్న. నన్ను మన్నించుమని అడగనీకె గూడ..."

"నాకు కోపమున్నదక్కా," అంది సారవ్వ. "ఉంటది గూడ. ఇప్పట్ల పోదు." బెంచీ అంచు పట్టుకుంది. "నా కొడుకు బాయిల చిక్కినప్పుడు నాకెవ్వలు చెప్పలే. దుప్పటి కప్పి తెచ్చినంకనే తెలిసింది. దేవుణ్ని అడుగుదామన్నా టైం దొరకలే. మొన్న యోహానని నువ్వంటే, నా కొడుకు ఇంకా లోపలనే ఉన్నట్టు, ఇంకా బతికున్నట్టు అడిగిన. కడుపునిండ అడిగిన. అది మాత్రం అబద్ధం కాదు."

సత్యవతమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఇన్నాళ్లూ తను నలుగురి నవ్వుకు భయపడింది. అబద్ధం చెప్పి తను సారవ్వ కొడుకును రెండోసారి లాక్కుందని ఇప్పుడు తెలిసొచ్చింది.

"జరుగు బిడ్డా," అని సుజితను జరిపి, సారవ్వ ఆ ఆఖరి బెంచీలోనే కూర్చుంది. ఎటో చూస్తూ సుజితను అడిగింది. "ఇంతకు పిలగాడు బతికిండా?"

"తెల్వదవ్వా. ఆఖరిది ఇంకా రాలే."

"వస్తే చెప్పు."

పాస్టరుగారు చర్చి మధ్యలో పళ్లెంతో ఆగిపోయి ఉన్నారు. కట్టుబాటు ప్రకారం అక్కడికి రొట్టె పోకూడదు. ఆయన ఒకసారి మార్కు వైపు చూశారు. మార్కు కళ్లు తుడుచుకుని, లేచి వెళ్లి, పళ్లెం పక్కన నిలబడి ఆయనను ఆఖరి బెంచీ దాకా నడిపించుకొచ్చాడు. అలవాటు చొప్పున పాస్టరుగారు పళ్లెం మొదట సత్యవతమ్మ ముందే పెట్టారు.

ఆమె తల అడ్డంగా ఊపింది. సిగ్గుతో మొహం ఎత్తకుండానే వేలితో పక్కకు చూపించింది.

"ముందు నా మనుమరాలికియ్యుండ్రి అయ్యగారూ. నాకు ఈ పూట వద్దు."