గేటు దాటితే పోయే డిస్‌ప్లే

"మళ్ళీ పోయింది."

హలో లేదు, ఎలా ఉన్నారూ లేదు. ఫోనెత్తగానే రూబీ నోట వచ్చిన మొదటి మాట అది.

జగ్గయ్యపేటలోని తన చిన్న కంప్యూటర్ షాపులో ఎవరిదో కీబోర్డు దులుపుతున్న శాంతికుమార్ గబుక్కున లేచి నిలబడ్డాడు. అమ్మానాన్నా ఏ ముహూర్తాన పెట్టారో గానీ, పేరులో ఉన్న శాంతి మనిషిలో మచ్చుకైనా లేదు.

"ఎప్పుడండి?"

"ఇప్పుడే. రెండర్ పెట్టా. కాసేపు బానే నడిచింది. టక్కున స్క్రీన్ నల్లగా అయిపోయింది. లోపల ఫ్యాన్లు మాత్రం ఒకటే తిరుగుడు."

"ఏమన్నా సౌండ్ వచ్చిందా?"

"ఏం సౌండూ రాలా, నా ఏడుపు తప్ప."

"కంగారుపడకండి రూబీగారూ..."

"పడకుండా ఎలా ఉంటానండి? సాయంత్రం ఆరింటికల్లా వీడియో వెళ్ళాలి. వెళ్ళలేదో, ఇంజినీరుగారు పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. నేను సోమవారం హైదరాబాద్ బస్సెక్కి పాత ఆఫీసులో చేరిపోవడమే. వాళ్ళకి రేపు మాట చెప్పాలి."

శాంతికుమార్ కీబోర్డు పక్కన పడేశాడు. "వస్తున్నా," అన్నాడు.

రూబీ పని ఇళ్ళ బొమ్మలు గీయడం. పునాది కూడా తియ్యని ఇంటిని కంప్యూటర్లో కట్టేసి, గుమ్మంలోంచి వంటగది దాకా నడిచి చూసినట్టు వీడియో చేసి, ఇళ్ళు కట్టే ఇంజినీర్లకి ఇస్తుంది. ఆ వీడియోకి కంప్యూటర్ ఒక్కో బొమ్మనీ తయారుచెయ్యడమే రెండర్. హైదరాబాద్‌లో ఓ ఆఫీసులో అదే పని చేసి, హాస్టల్ కూడు తినలేక నందిగామ వచ్చేసింది. ఇంట్లోనే ఉండి పని చేసుకుంటానని పట్టుబట్టి, పాత లాప్‌టాప్ చాలక కొత్త కంప్యూటర్ కట్టించుకుంది. కట్టింది శాంతికుమారే.

బ్యాగు సర్దుకుంటుంటే పక్క జిరాక్స్ షాపు భవానీప్రసాద్ తొంగిచూశాడు. "నందిగామేనా?"

"ఊఁ."

"రిపేరుకా, పెళ్ళిచూపులకా? చొక్కా మార్చావేంటి?"

"మాసింది, మార్చా. నీకెందుకయ్యా?" అని కసిరి బండి తీశాడు గానీ, చొక్కా మాయనేలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కేసరికి ఆకాశం కమ్ముకొచ్చింది. లారీల వెనక బండి నడుపుతూ శాంతికుమార్ ఒకటే మథనపడిపోయాడు. ఇది నాలుగోసారి వెళ్ళడం. మొదటిసారి తెర మీదికి బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి, తుడిచి, మళ్ళీ గట్టిగా బిగించాడు. రెండోసారి ఆ కార్డుని నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది వేశాడు. మూడోసారి పవర్ కేబుల్ మార్చి, అదీ చాలక కార్డునే పేటకి పట్టుకెళ్ళి, తన షాపులో రోజంతా నడిపి చూశాడు. చెక్కుచెదరకుండా నడిచింది. తీసుకొచ్చి బిగించి, గంటసేపు కూర్చుని చూసి వెళ్ళాడు. ఇంటికి చేరకముందే ఫోను. పోయిందట!

అసలు బాధ అది కూడా కాదు. ఫోను మీద రూబీ పేరు కనపడినప్పుడల్లా ముందు మనసు గంతులేస్తోంది. ఆ తర్వాతే అయ్యో పాపం అనిపిస్తోంది. ఇందాకా అంతే. ఒక పిల్ల బతుకుతెరువు పోయేట్టుంటే నాకు సంతోషమేంట్రా అని తనని తానే తిట్టుకున్నాడు.

రూబీ వాళ్ళది నందిగామలో ఓ సందు చివరి డాబా. నాన్న ఆశీర్వాదం గారు స్కూలు మేష్టారు, ఇంకా రాలేదు. అమ్మ కృపావతి ఇడ్లీ పిండి, దోసెల పిండి రుబ్బి అమ్ముతుంది. ఆ వీధిలో ఆవిడ పిండి తినని ఇల్లు లేదు. శాంతికుమార్ గేటు తీసేసరికి ఆవిడ వెనక వసారాలో గ్రైండర్ ఆపి, చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"రా బాబూ, రా. వానలో చిక్కలేదుగా? పిల్ల పొద్దున్నించీ ఏమీ తిన్లా. ఆ మిషను మీద ప్రార్థన చేసే కదా ఆన్ చేశాం, ఎందుకిట్టా అవుద్దో ఏమో!"

"చూద్దామాంటీ," అన్నాడు.

రూబీ గదిలో కుర్చీ అంచున కూర్చునుంది. కళ్ళు ఎర్రబడ్డాయి. జుట్టు పెన్సిలుతో ముడేసింది. ఈ కష్టంలో కూడా ఇంత బాగుందేంటని అనుకుని, చెంపలేసుకుందామనుకుని, బ్యాగు విప్పాడు.

కంప్యూటర్ ఆన్ చేశాడు. లక్షణంగా వచ్చింది. రెండర్ పెట్టించాడు. చక్కగా నడిచింది. కార్డు వేడి చూశాడు, ఎక్కువేం లేదు. కేబుల్ కదిపి చూశాడు, క్యాబినెట్ తట్టి చూశాడు. ఊహూఁ, దేనికీ చలించలేదు. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. ఇంజినీరుగారి క్లయింటు ఇల్లు తెర మీద ముక్కముక్కగా తయారవుతూనే ఉంది.

"బానే ఉందండి," అన్నాడు నెమ్మదిగా.

రూబీ అతని వంక చూడలేదు. "మీరున్నంతసేపూ బానే ఉంటుంది. పెళ్ళికూతురిలా తలొంచుకుని పనిచేస్తుంది. మీరు గేటు దాటితే చాలు, పోద్ది."

"అదే నాకూ అర్థం కావట్లా."

"నాకు అర్థమవుతోంది." ఈసారి చూసింది. చూపు సూటిగా ఉంది. "ఒకటి అడుగుతా. నిజం చెప్తారా?"

"అడగండి."

"ఏం చేసి వెళ్తున్నారు?"

"అంటే?"

"అంటే ఏంటండి? ప్రతిసారీ విప్పుతారు, బిగిస్తారు, బాగైందంటారు, వెళ్తారు. వెళ్ళాక పోద్ది. మళ్ళీ నేను ఫోన్ చెయ్యాలి, మళ్ళీ మీరు రావాలి. కావాలనే చేస్తున్నారా?"

శాంతికుమార్ మొహం పాలిపోయింది. చెయ్యలేదని గట్టిగా అరుద్దామనుకున్నాడు. కానీ ఫోనొచ్చినప్పుడు గంతులేసిన మనసు గుర్తొచ్చి, చెయ్యని నేరానికే నోరు పడిపోయింది.

"చెయ్యలేదండి. దేవుడి తోడు," అన్నాడు చివరికి.

"మరి ఎందుకలా అవుతోంది?"

"తెలీదు."

"తెలీదంటే ఎలాగండి? నా బతుకు ఈ పెట్టెలో ఉంది!" రూబీ క్యాబినెట్ మీద అరచెయ్యి వేసింది. "వేరే ఎవరన్నా అయితే షాపు మార్చేసి ఊరుకునేదాన్ని. మీరు అబద్ధం ఆడుతున్నారేమో అనుకుంటేనే నాకు ఏదోలా ఉంది."

ఆ చివరి మాట సంతోషించాల్సిన మాటని వేరే రోజైతే అతనికి తెలిసేది. ఇప్పుడు మాత్రం పిడుగులా పడింది. లేచి బ్యాగు భుజాన వేసుకున్నాడు.

"నేను వెళ్ళి గేటు బయట నిలబడతా. ఎక్కడికీ పోను. రెండర్ అలాగే నడవనివ్వండి. పోతే ఒక్క కేక వెయ్యండి."

కృపావతి "టీ తాగి వెళ్ళయ్యా" అంటున్నా ఆగకుండా బయటికొచ్చాడు. సన్నగా చినుకులు మొదలయ్యాయి. బండికి ఆనుకుని, వాన నెత్తిన పడుతున్నా పట్టించుకోకుండా నిలబడ్డాడు. పోకూడదు దేవుడా, పోతే నేనే దొంగని. పోకపోతే, నేనిక్కడే ఉన్నా కాబట్టే పోలేదంటారు, అప్పుడూ నేనే దొంగని, ఇంకెప్పుడూ పిలవరు. ఏ దేవుడు మాత్రం ఈ ప్రార్థన ఎలా తీరుస్తాడు?

లోపల వసారాలో గర్రుమని గ్రైండర్ లేచింది.

"పోయింది!" రూబీ కేక పెట్టింది.

శాంతికుమార్ పరుగెత్తుకొచ్చాడు. చెప్పులతోనే ఇంట్లోకి వచ్చేశాడు. అతన్ని చూడగానే కృపావతి నాలిక కరుచుకుంది. "అయ్యో, నువ్వింకా వెళ్ళలేదా బాబూ!" అంటూ గబగబా గ్రైండర్ స్విచ్ కట్టేసింది.

అతను గుమ్మంలో కొయ్యబారిపోయాడు.

"ఆంటీ, ఎందుకు ఆపారు?"

"నువ్వొచ్చావుగా. ఆ గోలలో నీ పని ఎట్టా అవుద్ది?"

"నేనెప్పుడొచ్చినా ఆపుతారా?"

"ఆపకుండా ఎట్టాగయ్యా? ఇంటికొచ్చిన మనిషి అంత బుర్ర పెట్టి పని చేస్తుంటే పక్కన గరగరా రుబ్బుకుంటూ కూర్చుంటామా? నువ్వెళ్ళాక వేస్తా."

"ఆంటీ, ఒక్కసారి ఆన్ చెయ్యండి."

"వద్దులే బాబూ..."

"మీకు దణ్ణం పెడతా, ఆన్ చెయ్యండి!"

రూబీ కంప్యూటర్ని మళ్ళీ లేపి రెండర్ పెట్టింది. శాంతికుమార్ చెయ్యి ఊపాడు. కృపావతి భయంభయంగా స్విచ్ వేసింది. గదిలో లైటు ఒక్క క్షణం నీరసించింది. తెర నల్లబడిపోయింది.

ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"ఈ గది ప్లగ్గూ, వసారాలో గ్రైండర్ ప్లగ్గూ ఒకే పాత వైరు మీద ఉన్నాయి," అన్నాడు శాంతికుమార్ ఆయాసపడుతూ. "గ్రైండర్ లేచినప్పుడల్లా కరెంటు లాగేస్తోంది. అప్పుడే ఇక్కడ కార్డు కూడా గట్టిగా పనిచేస్తోందంటే అది చేతులెత్తేస్తోంది. కార్డు తప్పేం లేదు. పాత లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి ఇది ఎప్పుడూ తెలీలేదు."

"మరి ఆ చప్పుడు నాకెందుకు వినపళ్ళేదు?" అంది రూబీ తెల్లబోయి.

"చిన్నప్పట్నించీ వింటున్నదే కదండి. ఇంక చెవికి ఆనదు."

కృపావతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో నా తల్లీ, నేనా చేసింది ఇదంతా!"

ఏడ్చే తీరిక ఎవరికీ లేదు. ఐదవ్వబోతోంది. హాల్లో టీవీ ప్లగ్గు వేరే లైను మీద ఉందని చూసుకుని, శాంతికుమార్ టీవీ వైరు పీకి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగి కంప్యూటర్‌కి పెట్టాడు. ఒక్కో బొమ్మా విడివిడిగా సేవ్ అయ్యేలా రూబీ ముందే పెట్టుకుంది కాబట్టి అయిన పని పోలేదు, ఆగిన దగ్గర్నించే మొదలైంది. కానీ మిగిలింది తక్కువేం కాదు.

ఇక చూడాలి ఆ ఇంట్లో అవస్థ! కృపావతి మోకాళ్ళ మీద ప్రార్థనలో కూర్చుంది. గేటు దగ్గర గిన్నె పట్టుకుని ఎవరో "కృపమ్మా, పిండి" అంటే, లేవకుండానే "ఇవాళ లేదమ్మా, ఉప్మా చేస్కో" అని కేకేసి మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఫ్రిజ్ చప్పుడైనా ముగ్గురూ ఉలిక్కిపడుతున్నారు. కరెంటు పోతుందేమోనని శాంతికుమార్, నెట్ పోతుందేమోనని రూబీ. బయట వాన పెద్దదైంది. తెర మీద అంకె మాత్రం తీరిగ్గా పెరుగుతోంది.

చివరి బొమ్మ అయింది. వీడియో అయింది. నెట్ నత్తనడక నడిచింది. ఆరు కొట్టడానికి కాస్త ముందు, వీడియో వెళ్ళిపోయినట్టు తెర మీద పడింది.

కాసేపటికి రూబీ ఫోను మోగింది. అవతల ఇంజినీరుగారు. రూబీ "ఆఁ సార్... సరే సార్... తప్పకుండా సార్" అంది, అంతే. ఫోను పెట్టేసి, వాళ్ళమ్మ భుజం మీద తలపెట్టి భోరుమంది.

"ఇంకో రెండిళ్ళు పంపుతారంటమ్మా."

"స్తోత్రం తండ్రీ!" అని కృపావతి కళ్ళు తుడుచుకుని, ఇప్పుడైనా ఈ పిల్లకీ ఆ అబ్బాయికీ ఏదన్నా పెడదామని వంటింట్లోకి పరిగెత్తింది.

శాంతికుమార్ బ్యాగు సర్దుకుని వరండాలోకొచ్చాడు. వెనకే రూబీ వచ్చింది.

"అలా అనుండకూడదు నేను," అంది నేల చూస్తూ. "మిమ్మల్ని దొంగని చేశా. సారీ అండి."

ఫరవాలేదండి అనేసి బండెక్కి వెళ్ళిపోతే ఏ గొడవా లేదు. కానీ ఇన్నాళ్ళుగా మోస్తున్న బరువు దింపుకోకుండా కదలలేకపోయాడు.

"పూర్తిగా తప్పేం అన్లేదండి మీరు. చెడగొట్టలేదు, అది నిజం. కానీ చెడిపోయిందని మీరు ఫోన్ చేస్తే నాకు సంతోషంగా ఉండేది. ఇవాళ కూడా. మీ పని పోద్దని చెప్తున్నారు, నాకేమో ముందు సంతోషమేసింది. వస్తే మిమ్మల్ని చూడొచ్చని. దానికి సిగ్గుగా ఉంది. నన్ను ఏమన్నా అనండి, పడతా. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఈ గదికి వేరే లైను లాగించుకోండి. ఇంక ఎప్పటికీ పోదు."

బ్యాగు భుజాన వేసుకున్నాడు. రూబీ వాన వంక చూసింది. డాబా అంచు మీంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"ఆదివారం చర్చి అయ్యాక రండి," అంది. "నాన్న ఇంట్లోనే ఉంటారు."

"ఏం పాడైందండి?"

"ఏమీ పాడవ్వలేదు. ఏమీ పాడవ్వకపోయినా వస్తారా అని అడుగుతున్నా."

శాంతికుమార్‌కి బ్యాగు భుజం మీంచి జారిందని కూడా తెలీలేదు. అలాగే చూస్తూ నిలబడిపోయాడు. రూబీ చున్నీ కొస వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"ఏదో ఒకటి చెప్పండి బాబూ," అంది గొంతు తగ్గించి. "నాకు కంగారుగా ఉంది."