రోష్‌వాల్ గంట మోగని సాయంత్రం

ఫ్రాన్సు దేశపు నడిబొడ్డున, ద్రాక్షతోటలూ గోధుమచేలూ తప్ప వేరే ఐశ్వర్యమెరుగని సీమలో, రోష్‌వాల్ అనే చిన్న పల్లె ఉండేది. తెల్లని సున్నపురాతి గుట్ట నెత్తిన కోట, కోట నడుమ చర్చి, వాలు వెంబడి ఒకదాన్నొకటి ఆనుకున్న రాతి ఇళ్ళు, పాదాన సెర్వ అనే వాగు. ఏనాడో రోము చక్రవర్తుల సైనికులు పరిచిన బాట ఆ గుట్టను చుట్టుకుని పోయేది. ఆ బాటన వచ్చిన ప్రతి సేనా పల్లెలో అందినది పట్టుకుపోయింది. గుట్టను మోయలేక వదిలిపెట్టింది.

సెర్వ వాగు సంగతి ఊళ్ళో పుట్టినవారికే ఎరుక. వేసవిలో అది రాళ్ళ సందుల్లోకి ఇంకిపోయి, గుడారాలు వేసుకోమని పిలిచే మైదానంలా పడివుంటుంది. ఎగువ మెరక మీద గట్టి వాన పడిందా, గుర్రానికి కళ్ళెం వేసేంత వ్యవధి కూడా ఇవ్వకుండా విరుచుకుపడుతుంది.

ఊరికి ఇంకో నమ్మకముంది. వడగళ్ళ మబ్బు పట్టగానే చర్చి గంట మోగిస్తే ఆ నాదానికి మబ్బు చెదిరిపోతుందని తాతల నాటినుంచీ అనుకుంటారు. అలా మోగిస్తూనే ఒదిలీ అనే ఆమె భర్త పిడుగుపాటుకు పోయాడు. అప్పటినుంచి ఆ తాడు ఒదిలీ చేతికి వచ్చింది. ఉరుమంటే ఆమెకు ప్రాణభయం. అయినా ఏ ఒక్కసారీ గంట తప్పనివ్వలేదు.

ఆ యేడు ప్రభువు రాజుగారి యుద్ధానికి తరలిపోగా, కోట ఇద్దరి చేతుల్లో మిగిలింది. ఒకరు సేనాపతి తియెరీ, ఒదిలీకి తోడబుట్టినవాడు. రెండవవారు రాజధాని నుంచి వచ్చిన మంత్రి గోబెర్. తేనెలో ముంచి తీసినట్టు మాట్లాడేవాడు. అదను చూసి పడమటి సీమ ప్రభువు సేనతో వచ్చిపడ్డాడు. వచ్చినవాడు నేరుగా ఎండిన వాగులో, కోటగోడ బీటలు వారిన వైపునే విడిది చేశాడు. ఆ బీట బయటివారికి కనిపించేది కాదు. లోపలివారెవరో చెప్పారని తియెరీకి అర్థమైంది, ఎవరో తెలియలేదు.

ఇంతలో గోబెర్ సభ తీర్చి, శత్రువు సంధికి సమ్మతించాడనీ, ఎదుటి కొండ మీది మఠంలో మాటలు జరుగుతాయనీ, సేనాపతి ఒంటరిగా వెళ్ళాలనీ ప్రకటించాడు. కాదంటే పిరికివాడంటారు. తియెరీ సరేనన్నాడు. బయల్దేరే ముందు గంట గోపురం ఎక్కి, ఎగువన కమ్ముకుంటున్న ఆకాశాన్ని అక్కకు చూపించాడు.

"అక్కా, ఈ ఒక్కమాటు ఎవరు చెప్పినా గంట ముట్టుకోకు. ఆ మబ్బును రానీ. మన వాగు మన సేన అవుతుంది."

"వడగళ్ళు పంటను తినేస్తే పిల్లలకేం పెట్టమంటావురా?"

"కోటే పోతే పంట ఎవరు తింటారక్కా? నాకు మాటివ్వు."

ఆమె మాటిచ్చింది. తమ్ముడు కొండ మీద ఉంటాడు గదా, నీళ్ళు అంత ఎత్తుకు రావు గదా అనుకుని ఇచ్చింది.

సాయంత్రానికి ఆకాశం సీసంలా నల్లబడింది. కింద జనం గంట గంట అని కేకలు పెడుతున్నారు. తోటలు పోతున్నాయని ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు. ఒదిలీ తాడు కింద గోడకు జేరగిలబడి, తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుంది. పిడుగు భయం ఒకటి, ఊరి ఉసురు తగులుతుందన్న భయం ఇంకొకటి. అంతలో జనం మెట్లెక్కసాగారు. అందరికన్నా ముందు, రొప్పుతూ, గోబెర్ లోపలికి వచ్చాడు. కోటగోడ మీది ముసలివాళ్ళు, ఇక వాగు పొంగి శత్రుసేనను ముంచేస్తుందని గుసగుసలాడుకోవడం అతని చెవిన పడివుంది.

మొదట పంట కోసం మోగించమన్నాడు. తర్వాత ఆజ్ఞ అన్నాడు. ఆమె కదలకపోయేసరికి అతని మర్యాద జారిపోయింది.

"మూఢురాలా! నీ తమ్ముణ్ణి వాగులోని పాత పిండిమర స్తంభానికి కట్టేశారు. వరద వస్తే ముందు పోయేది వాడే. మోగించు!"

ఒదిలీ చెయ్యి తనంత తానే తాడు మీద పడింది. లాగబోయింది కూడా. అప్పుడు మెల్లగా అడిగింది.

"కొండ మీద మఠమన్నారు కదా మంత్రిగారూ. పిండిమర అని తమరికెలా తెలుసు?"

ఆ మాట మెట్ల మీది జనమూ విన్నారు. మరుక్షణం గోబెర్ తాడు అందుకోబోయాడు. ఒదిలీ నడుమున ద్రాక్షతీగలు కోసే కొడవలి ఉంది. తమ్ముడి ముఖం కళ్ళకు కట్టింది. ఇచ్చిన మాటా గుర్తొచ్చింది. చెయ్యి అందినంత ఎత్తున తాడును తెగకోసి, రెండు చెవులూ మూసుకుని అక్కడే చతికిలబడింది.

చెవులు మూసుకున్నా వాగు వినిపించింది. గుర్రాల అరుపులు, మనుషుల అరుపులు వినిపించాయి. కాసేపటికి అవీ వినిపించలేదు. కోట నిలిచింది, తోటలు నేలమట్టమయ్యాయి. జనమే గోబెర్ పెడరెక్కలు విరిచికట్టి చెరలో వేశారు. తియెరీ దేహం పిండిమర స్తంభానికి కట్టినది కట్టినట్టే దొరికింది.

ప్రభువు తిరిగివచ్చి సేనాపతికి చర్చిలో సమాధి కట్టించాడు, గంటకు కొత్త తాడు వేయించాడు. ఒదిలీని అందరూ దేవతలా చూశారు. ఆమె మాత్రం ఎవరితోనూ మాట్లాడేది కాదు. గంట మోగించి ఉంటే మబ్బు చెదిరేది, తమ్ముడు బతికేవాడు, తన చేతులతో తానే వాణ్ణి ముంచింది. ఆ చలికాలమంతా ఆ భయంతోనే నిద్ర లేచేది.

మరుసటి వేసవిలో మళ్ళీ మబ్బు పట్టింది. ఊరంతా ఆమె వైపు చూసింది గాని మోగించమనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఒదిలీ తానే గోపురం ఎక్కింది. నెత్తిన ఉరుములు ఉరుముతున్నా, అరచేతులు చిట్లి నెత్తురు కారేదాకా గంట మోగించింది. మబ్బు చెదరలేదు. వడగళ్ళు టపటపా రాలాయి. కాసేపట్లో పాత పిండిమరను ముంచెత్తుతూ సెర్వ వచ్చింది.

ఆమె కిటికీలోంచి ఆ నీళ్ళ వైపు చాలాసేపు చూసింది.

"మోగించినా వరద వచ్చేదేనా తమ్ముడూ" అంది.

తాడు వదిలేసి, ఏడాదిగా రాని ఏడుపు ఆ రాతి నేల మీద కూర్చుని ఏడ్చింది.