మల్లెగుత్తిలో ఆలివ్ పుప్పొడి

ముఠాలో దూరిన గూఢచారి సలీమ్‌ను బిజెర్త్ రేవులో చంపిన ఆ ముఠా నాయకుడి ముఖం ఎవరూ చూడలేదు. చావబోయే ముందు సలీమ్ వైర్‌లెస్‌లో పంపింది ఒక్క ముక్కే: "వసంతం వస్తే చాలు, బాస్ బొటనవేలి వెనకభాగంతో కళ్లు నలుపుకుంటూనే ఉంటాడు."

ఆ ఒక్క ముక్కను సలీమ్ తమ్ముడు మెహ్రెజ్ ఇరవై ఏళ్లు గుండెల్లో కుంపటిలా మోశాడు. గూఢచారి శాఖలో చేరేటప్పుడు దేశసేవ కోసమని చెప్పాడు గానీ, అది పచ్చి అబద్ధం. అతనికి కావలసింది వాడి ప్రాణం.

ఆ మధ్యాహ్నం ట్యూనిస్ ఆఫీసులో కల్నల్ బషీర్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. సలీమ్‌ను చంపిన ఆ విదేశీ ముఠా నాయకుడే, కోడ్‌నేమ్ గుడ్లగూబ, గులెత్ రేవులోని ప్రయాణికుల ఓడలో బాంబు పెట్టించాడు. రిమోట్ వాడి దగ్గరే ఉంది. ఓడను ఆపినా, జనాన్ని దింపినా వెంటనే నొక్కేస్తాడు. వాడు శుక్లాల ఆపరేషన్‌కని సీదీ బూ సయీద్ క్లినిక్‌లో చేరాడు. అక్కడున్న ముసలాళ్లు ముగ్గురు. వాళ్లలో వాడెవడో డబుల్ ఏజెంట్ దోర్రాకు తెలుసు, కానీ నోరు విప్పదు. చెబితే ముఠావాళ్లు ఆమె తల్లిని బతకనివ్వరు.

శాఖ డాక్టర్ ఫైలు మూసి, "ఎలర్జీ అంటే ఒంట్లో కాపలావాడు సొంత ఇంటిమీదే కాల్పులు జరపడం. ఆ మంట ఏళ్ల తరబడి రగిలితే కంటికి శుక్లం తొందరగా పడుతుందని మా అనుమానం. దురదకు వేసుకునే స్టెరాయిడ్ చుక్కలు దానికి తోడు. మీ వాడికి పడనిది ఆలివ్ పుప్పొడే అయ్యుంటుంది," అంది.

"ప్రాణాలతో పట్టుకురా," అన్నాడు కల్నల్.

"చూద్దాం సర్," అన్నాడు మెహ్రెజ్.

సాయంత్రం సముద్రంకేసి ఉన్న కాఫీ హోటల్ వసారాలో క్లినిక్‌లోని ఆ ముగ్గురు ముసలాళ్లు పుదీనా టీ తాగుతున్నారు. పక్కనే నల్లకళ్లద్దాలు, ఎర్రగౌనుతో దోర్రా. మెహ్రెజ్ ఎర్రటోపీ పెట్టుకుని మష్మూమ్‌లు, అంటే మల్లెమొగ్గల గుత్తులు, అమ్మేవాడి వేషంలో వచ్చాడు. వసంతంలో దాచిన ఆలివ్ పుప్పొడిని మొగ్గల మధ్య చల్లి ఉంచాడు.

"మొగ్గలు విచ్చుకున్నాయేంట్రా? నిన్నటివి అంటగడుతున్నావా?" అన్నాడు మొదటి ముసలాయన. అయినా తీసుకుని గట్టిగా వాసన పీల్చి చెవిలో పెట్టుకున్నాడు. రెండో ఆయనా అంతే. మూడో మనిషి లామిన్ మాత్రం నవ్వుతూ అందుకుని, ముక్కు దగ్గరికి రానివ్వకుండా నేరుగా చెవిలో దోపుకున్నాడు. మష్మూమ్‌ను వాసన చూడకుండా పెట్టుకునేవాడు ట్యూనిస్‌లో పుట్టి ఉండడు.

కాసేపటికి లామిన్ కళ్లు ఎర్రబడ్డాయి. బొటనవేలి వెనకభాగంతో నలుపుకున్నాడు. మెహ్రెజ్‌కు ఒళ్లు మండిపోయింది. పూలపళ్లెం కింది నుంచి తుపాకీ తీశాడు.

"పువ్వులో ఏం కలిపావురా?" అంటూ లామిన్ చేతికర్ర పిడి విప్పాడు. లోపల రెండు బటన్లు. ఎర్రది నొక్కితే ఓడ పేలుతుంది, నీలంది నొక్కితే బాంబు శాశ్వతంగా చచ్చిపోతుంది. శుక్లాలకు కన్నీళ్లు తోడై వాడికి రెండూ మట్టిరంగులోనే కనిపించాయి. కాలిస్తే ఆ వేలు ఎటు బిగుసుకుంటుందో తెలియక మెహ్రెజ్ ఆగాడు.

"దోర్రా, ఎర్రదాని మీద నా వేలు పెట్టు," అన్నాడు లామిన్.

దోర్రా వాడి వేలు పట్టుకుంది. ఒక్క క్షణం మెహ్రెజ్‌కేసి చూసింది. లామిన్ నొక్కాడు.

కింద రేవులో ఓడ హారన్ మోగించి నింపాదిగా సముద్రంలోకి కదిలింది.

"వాడెవడో మీరే కనిపెట్టారు. నేను చెప్పలేదు," అంది దోర్రా, నీలం బటన్ మీద ఉన్న వాడి వేలిని వదులుతూ.

మెహ్రెజ్ వాడి నుదుటికి తుపాకీ ఆనించాడు. "సలీమ్ గుర్తున్నాడా?"

"ఎవరు?" అన్నాడు లామిన్. నిజంగానే గుర్తులేదు.

మెహ్రెజ్ గుండె భగ్గుమంది. అయినా తుపాకీ దించాడు. "రేపు నీ ఆపరేషన్ ఆగదు. కళ్లు బాగా కనబడాలి నీకు. జైలుగదిలో నీ ఎదురుగా మా అన్న ఫొటో పెట్టిస్తాను. చచ్చేదాకా చూడు."

ఏ జైలుకు పంపమంటావని కల్నల్ ఫోన్లో అడిగాడు.

"స్ఫాక్స్ జైలుకు పంపండి సర్," అన్నాడు మెహ్రెజ్. "ముసలాడు కదా, గాలి బాగుండాలి. చుట్టూ ఆలివ్ తోటలే."