తడి తాడు

“ఒక్కనికి చాలు అంటున్న గద! మళ్ళ ఇద్దరికి కలుపుతవేందే పిండి?” అత్త నాగవ్వ గిన్నె లాక్కుంది.

“అయితే నేనేం తినాలె అత్తా? పోచంపాడు దాకా గాలి మింగుకుంట పోవాల్నా?” ముత్తవ్వ నవ్వుతూనే గిన్నెను మళ్ళీ తనవైపు జరుపుకుంది.

నాగవ్వ నవ్వలేదు. “నువ్వు పోతలేవు. నీ జాగల నీ మరిది రామ్‌దాసు పోతడు, వాని సద్ది నేను కట్టిన. నీ మొగడు చెప్పలేదా?”

చేతికంటిన జొన్నపిండితో ముత్తవ్వ అలాగే నిలబడిపోయింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ లారీయే ఆమె సంసారం! బోధన్‌లో చెంచురామయ్య గారి షెడ్డులో తయారైన చెక్క పడవలను కందకుర్తి రేవుకూ, నిజాంసాగర్‌కూ, ఇప్పుడు పోచంపాడు ప్రాజెక్టు పనులకూ చేర్చడం ఆ మొగుడూ పెళ్ళాల పని. రాజలింగు స్టీరింగు పట్టేవాడు. పడవకు తాళ్ళు బిగించడం, ఎండకు చెక్క పగలకుండా తడిగోనెలు కప్పడం, దారిపొడుగునా తల బయటపెట్టి పడవ కదులుతోందా అని చూసుకోవడం ఆమె వంతు. వంట రోడ్డు పక్కన, పడక లారీ కింద... అయినా ఏ లోటూ తోచలేదు. పక్కన ఆయన ఉన్నాడు, అంతే చాలనుకుంది!

గబగబా వాకిట్లోకి వచ్చింది. బోధన్‌లో పడవ ఎక్కించుకొచ్చిన లారీ ఇంటిముందే ఆగి ఉంది. అరుగు మీద మామ భోజన్నతో కలిసి చెంచురామయ్య చాయ తాగుతున్నాడు.

“అయ్యా, నన్నెందుకు వద్దన్నరు?”

చెంచురామయ్య ఇబ్బందిగా కదిలాడు. “నాకేం కోపం లేదమ్మాయ్. కానీ కిందటేడు నీ ముడి ఊడబట్టేగా రెంజల్ మలుపులో పడవ జారి రెండు ముక్కలైంది? మీ ఆయనే చెప్పాడు. నువ్వు కట్టావంటే కందకుర్తివాళ్ళు పడవ దించుకోవడానికే జంకుతున్నారు.”

ముత్తవ్వకు ఆ రోజు గుర్తుకొచ్చింది. ఆనాడు దారిలో ఎవరిదో చెరుకుబండి కాలువ బురదలో దిగబడితే, రాజలింగు పడవ తాడు విప్పి బండిని లాగించాడు. నీళ్ళోడుతున్న ఆ తాడునే మళ్ళీ కట్టబోతుంటే, “ఎండితే వదులైతది, జర ఆగు” అని ఆమె బతిమాలింది. “పొద్దు పోతున్నది, జరుగు!” అని కసిరి తనే కట్టాడు. ఆ తర్వాత కందకుర్తి రేవులో, అక్కడివాళ్ళు ఆమె తాకిన పడవనల్లా పసుపునీళ్ళతో కడుగుతుంటే... అది వాళ్ళ ఆచారమేమో అనుకుని తన చేతులతో తానే బిందె అందించింది! వాళ్ళు కడిగింది తన చెయ్యి తాకిన దోషాన్నని ఇప్పుడు తెలిసింది. పక్కనే నిలబడి చూస్తూ కూడా ఆయన నోరు విప్పలేదే!

“ఇటు చూడు,” భర్త దగ్గరికి వెళ్ళింది. “గా ముడి ఎవరిది?”

రాజలింగు తల వంచుకుని లారీ అద్దం తుడుస్తున్నాడు. “డ్రైవర్ తప్పంటే మళ్ళ నాకు పడవలెవలిస్తరే? నీకైతే పొయ్యేదేమున్నది? ఆడిదానివి... ఇంట్ల కూసుంటవ్.”

“పొయ్యేదేమున్నదా!” ఆమె అతని చేతిలోని గుడ్డ లాగేసింది. “రోడ్డు మీద ఎండకు ఎండితి, వానకు నానితి... నీ పక్కన ఉన్న గదా అనుకుంటి. నువ్వు నన్ను లారీల కూసోబెట్టుకొనే, ఊరూరికి నా పేరు ఖరాబు చేస్తివి గదయ్యా!”

భోజన్న చాయ గ్లాసు కింద పెట్టాడు. “అరే, నోరు తెరువు. తాడెవలు కట్టిండ్రు?”

“నేనే బాపూ... అది వద్దన్నది. నేనే కట్టిన.” రాజలింగు వెక్కివెక్కి ఏడ్చాడు.

నాగవ్వ కోడలి చేయి పట్టుకుంది. “తెల్వక అన్న బిడ్డా... పో, నీ మొగనితోని నువ్వే పో.” అప్పటికే క్యాబిన్‌లో ఎక్కి కూర్చున్న రామ్‌దాసు దిగిపోయాడు. “కందకుర్తిలో నేనే చెప్తానమ్మా,” అన్నాడు చెంచురామయ్య. రాజలింగు కళ్ళు తుడుచుకుని, తలుపు తెరిచి నిలబడ్డాడు.

ముత్తవ్వ ఆ ఖాళీ సీటు వంక చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుని అందరివైపూ తిరిగింది. కోపం లేదు, ఏడుపూ లేదు.

“రామ్‌దాసూ, నువ్వే ఎక్కు. మామా, అత్తా, మీరు గూడ వినుండ్రి. నేనింక లారీ ఎక్క. బోధన్‌ల మా చిన్నమ్మ ఇంట్ల ఉండి, అయ్యగారి షెడ్డుల పడవలకు తాళ్ళు కడత. ఏ డ్రైవర్ వచ్చినా కడత, ఈయన వచ్చినా కడత. రేపు పొద్దుగాల బస్సుకు పోతున్న.”