బరువు చాలదు

మంజరి ఒళ్లు డాబా మీద గుంజీలు తీస్తోంది. మంజరి మాత్రం అక్కడ లేదు.

ఉదయం ఏడున్నర. విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ ముప్పై అంతస్తుల భవనం మీద తెల్లరంగుతో గీసిన వలయాలు నలభై రెండు ఉన్నాయి. ఒక్కో వలయంలో ఒక్కో మనిషి. అందరి కళ్లూ సగం మూతపడి ఉన్నాయి. అందరి మెడ వెనకా వేలెడు వెడల్పు పట్టీ, దాని మీద ఆకుపచ్చ దీపం. అందరూ ఒకేసారి కూర్చుంటున్నారు, ఒకేసారి లేస్తున్నారు. మోకాళ్లు టకటకమంటున్నాయి తప్ప మాట లేదు, మూలుగు లేదు.

ఆ పట్టీ పేరు దేహసారథి. అది వచ్చాక వ్యాయామానికి తీరిక లేదని చెప్పేవాళ్లు ఊళ్లో లేకుండా పోయారు. పట్టీ నొక్కగానే మనసు మనోవేదికకు వెళ్లిపోతుంది. అక్కడ సమావేశాలు, పథకాలు, వాదనలు. ఇక్కడ ఒంటిని సారథి చేతిలోకి తీసుకుని రెండు గంటలు వంచుతుంది, లేపుతుంది, పరిగెత్తిస్తుంది, చెమట తుడిపించి తిరిగి అప్పగిస్తుంది. ఆ రెండు గంటల్లో ఒంటికేం జరిగిందో మనిషికి తెలియదు. నొప్పీ తెలియదు, ఆయాసమూ తెలియదు. తిరిగొచ్చి చూసుకుంటే కండ ఉంటుంది, అంతే.

ఆ రోజు మంజరి సమావేశం పావుగంట ముందే ముగిసింది. మనోవేదిక నుంచి ఒంట్లోకి వచ్చి కళ్లు తెరిచేసరికి చేతుల్లో రోజూ ఎత్తే ఇసుక సంచి లేదు. రొమ్ముకి ఆనుకుని మూడేళ్ల కూతురు జాబిలి ఉంది. చెంప తల్లి భుజానికి ఆనించి, నోట్లో బొటనవేలు పెట్టుకుని, హాయిగా కునుకు తీస్తోంది. తల్లి ఒంట్లో కదలిక మారగానే కళ్లు విప్పి మంజరి మొహంలోకి చూసి గొల్లుమని ఏడ్చింది.

మంజరి కంగారుగా పిల్లని కిందికి దించి ఆయా కోసం చూసింది. పైడమ్మ నీళ్లట్యాంకు నీడలో కూర్చుని తోటకూర వలుస్తోంది.

"పైడమ్మా! ఏంటిది?"

"ఏటుంది సిన్నమ్మా. పాప."

"పాపని నా చేతుల్లో ఎవరు పెట్టారు?"

"ఎవులూ పెట్నేదు. తనే ఎల్లి గీతలో నిలబడి సేతులు సాసింది. మీ ఒళ్లు ఎత్తుకున్నాది. నాను హడిలిపోయి పరిగెత్తుకొచ్చీసరికి పాపగుంట నవ్వుతన్నాది. నాలుగు నెల్లయినాది."

"నాలుగు నెలలా? నాకు చెప్పవా? పడేస్తే?"

పైడమ్మ తోటకూర కాడ విరుస్తూ ఆమెకేసి ఒకసారి చూసింది. "మీరు పడేత్తారేమో గానీ మీ ఒళ్లు పడేయదు సిన్నమ్మా. మీరెప్పుడైనా ఎత్తుకుంటే గుమ్మం కాసి చూత్తారు, గడియారం కాసి చూత్తారు. అది ఎటూ చూడదు."

డాబా మీది ఆయాలకు ఇదేమీ కొత్త కాదు. సారథి నడిపే ఒళ్లు వలయంలో ఏది పెడితే అది ఎత్తుతుందని వాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. కొందరు తడి దుప్పట్లు అందించి పిండించుకునేవాళ్లు. ఐదో వలయంలో ఉండే పెద్ద వకీలుగారి ఒంటికి పరుగు వేళ వీపున కూరగాయల సంచి తగిలించి మెట్లెక్కించేవాళ్లు. ఆయన ఆ ఏడాది తన పరుగు బాగా మెరుగుపడిందని అందరికీ చెప్పుకున్నాడు.

మంజరి ఆ పూటే సారథి మాన్పించేద్దామనుకుంది. పిల్ల వేళ్లు నలుగుతాయేమో, మెడ పట్టేస్తుందేమో, చెమటకి జలుబు చేస్తుందేమో అని పిల్ల ఒళ్లంతా తడిమి చూసింది. గీత కూడా లేదు. తర్వాత తన దేహపట్టిక తెరిచింది. ఆఫీసు నెలనెలా చూసే పట్టిక అది. నాలుగు నెలలుగా అందులో ఒక కొత్త వరుస ఉంది: 'అస్థిర భారం, పదమూడు కిలోలు, వెచ్చనిది, కదులుతుంది. అదనపు యోగ్యత.' నిలకడ లేని బరువుని ఎత్తడం కష్టం కాబట్టి సారథి ఎక్కువ మార్కులు వేసింది. ఆ మార్కులతో మంజరి దేహబలంలో ఆరో మెట్టుకి చేరింది.

పట్టిక మూసేసి ఆమె పైడమ్మ దగ్గరికి వచ్చింది.

"సరే పైడమ్మా," అంది చివరికి. "రోజూ పెట్టు. కాకపోతే స్నానం చేయించి, బట్టలు మార్చి పెట్టు. నాతో గడిపినట్టూ ఉంటుంది దానికి."

"మీతోనా?" అంది పైడమ్మ.

మంజరి ఆ మాట విననట్టు లోపలికి వెళ్లిపోయింది.

జాబిలి తండ్రి ఓడ మీద పనిచేస్తాడు. ఏడాదికి రెండు నెలలు ఇంట్లో ఉంటాడు. మంజరి రేవులు కట్టే సంస్థలో ఉంది. కొత్తగా కట్టే రేవుకి అధిపతిని ఉగాది లోపల ఎంపిక చేస్తారు. ఆ కుర్చీ కోసం ఆమె ఎనిమిదేళ్లుగా తిండీ నిద్రా చూసుకోకుండా పనిచేసింది. మాఘమాసంలో ఒక రోజు పై అధికారి శశిరేఖ ఆమెను మనోవేదికలో పక్కకి పిలిచింది.

"నీ పని గురించి ఎవరికీ సందేహం లేదు మంజరీ. నీ పట్టికలోనే చిక్కుంది. ఆ కుర్చీకి ఎనిమిదో మెట్టు ఉండాలి. ఒళ్లు గట్టిగా లేని మనిషికి రేవు అప్పజెప్పం కదా."

"ఆరు నెలలు వ్యవధి ఇస్తే..."

"రెండు నెలలుంది. నాకూ పిల్లలున్నారమ్మా, అర్థం చేసుకోగలను. నేను చేశాను కదా, నువ్వూ చేస్తావు."

ఎనిమిదో మెట్టంటే ఇరవై కిలోలు. అంతకన్నా తక్కువ బరువుని సారథి లెక్కలోకి తీసుకోదు. మంజరి సారథిని ఎనిమిదో మెట్టుకి మార్చి, పైడమ్మని పిలిచి, రేపట్నుంచి ఇసుక సంచే పెట్టమంది.

"మరి పాప?"

"పాపకి నువ్వున్నావుగా. ఒక్క రెండు నెలలు. ఉగాది వెళ్లాక మళ్లీ చూద్దాం."

"గుంటకి నెలలు తెలుత్తాయేటి సిన్నమ్మా?"

మర్నాడు పొద్దున్న జాబిలి ఎప్పట్లాగే స్నానం చేసి, తల దువ్వించుకుని, సంచి కంటే ముందే పరిగెత్తి వలయంలో నిలబడి చేతులు చాచింది. మంజరి ఒళ్లు వంగి పిల్లని ఎత్తింది. రొమ్ము దాకా తెచ్చింది. అక్కడ ఆగింది. మెడ వెనక దీపం ఎర్రగా మారింది. పట్టీలోంచి ఒక గొంతు, ఆడదీ కాదు మగదీ కాదు, మర్యాదగా పలికింది.

"బరువు చాలదు. మరొకటి పెట్టండి."

ఆ చేతులు పిల్లని జాగ్రత్తగా గీత అవతల దించాయి. జాబిలి మళ్లీ వలయంలోకి వచ్చింది. చేతులు మళ్లీ ఎత్తాయి, మళ్లీ దించాయి. పదకొండుసార్లు. ఆయాలు చేతిలో పనులు మానేసి చూస్తున్నారు. పన్నెండోసారి పైడమ్మ వచ్చి పిల్లని లాక్కుపోయి, సంచిని ఈడ్చి వలయంలో పెట్టింది. తల్లి చేతులు ఆ సంచిని గుండెకి హత్తుకుని గుంజీలు మొదలుపెట్టాయి.

"మామ్మా, నేను చాలనా?" అంది జాబిలి.

"ఎవులన్నారు? అది యంత్రం. దానికేటి తెలుసు."

"అమ్మ అంది."

ఆ వారం నుంచి జాబిలి అన్నం అడిగి తినడం మొదలుపెట్టింది. పుట్టినప్పట్నుంచీ ముద్దకో కథ చెప్పించుకున్న పిల్ల కంచం ముందు తనే వచ్చి కూర్చునేది. పప్పన్నం తినేది, పెరుగన్నం తినేది, ఇంకా పెట్టమనేది. తిన్న వెంటనే బరువు చూసే పలక ఎక్కి నిలబడేది. దాని మీది అంకె చదవడం రాదు కాబట్టి పైడమ్మని అడిగేది. మంజరి సంబరపడిపోయింది. ఎంతకాలం నుంచో తన ప్రాణం తోడేసిన దిగులు అది, పిల్ల తినడం లేదని. శశిరేఖకి కూడా చెప్పింది.

"చూశావా," అంది శశిరేఖ. "తల్లి పైకొస్తుంటే పిల్లలూ దారిలో పడతారు."

పదిహేను రోజులకి సారథి మరో సంగతి చెప్పింది. సంచిని ఎత్తి, రొమ్ము దాకా తెచ్చి, "బరువు చాలదు" అంది. పైడమ్మ సంచి తిప్పి చూస్తే మూలన కుట్టు విడిపోయి ఉంది. ఎలుక కొరికి ఉంటుందని తిట్టుకుంటూ కిందనుంచి ఇసుక తెప్పించి నింపి, దబ్బనంతో కుట్టింది. నాలుగు రోజులకు మళ్లీ అదే మాట.

పిల్ల కడుపు బిగుసుకుందని మొదట చూసింది మంజరే. స్నానం చేయిస్తూ పొట్ట మీద చెయ్యి వేస్తే రాయిలా ఉంది. రెండు రోజుల్నుంచి దొడ్డికి వెళ్లలేదని పైడమ్మ చెప్పింది. ఎక్కువ తింటోంది కదా, అజీర్ణమనుకుని వాము నీళ్లు పట్టింది మంజరి. తాగిన ఐదు నిమిషాలకి పిల్ల కళ్లు తేలేసి వాంతి చేసుకుంది. తెల్లటి గచ్చు మీద పెరుగన్నం మెతుకుల మధ్య ఇసుక. ఒక చారెడు సముద్రపు ఇసుక, మధ్యలో చిన్న చిన్న గవ్వముక్కలు.

మంజరి పిల్ల గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "ఏంటి తల్లీ ఇది? ఎందుకు తిన్నావ్?"

జాబిలి మూతి తుడుచుకుంటూ, దొంగతనం బయటపడ్డట్టు, మెల్లగా చెప్పింది. "అమ్మ దాన్ని ఎత్తుకుంటోంది కదా."

ఆసుపత్రిలో పిల్ల కడుపు కడిగారు. ఒకసారి కాదు, మూడుసార్లు. పేగులో చిక్కుకున్నదాన్ని తీయడానికి చిన్న కోత కూడా పెట్టాల్సి వచ్చింది. ఎనిమిది రోజులు పైడమ్మ మంచం కింద పడుకుంది, మంజరి మంచం పక్కన కూర్చుంది. మనోవేదికకు వెళ్లలేదు. శశిరేఖ పంపిన కబుర్లు వచ్చినవి వచ్చినట్టే ఉండిపోయాయి.

ఇంటికి తెచ్చిన రోజు మంజరి పిల్లని కారులోంచి తనే ఎత్తుకుంది. పట్టీ లేదు. తనే, తన మనసుతో, తన చేతులతో. నాలుగడుగులు వేసేసరికి చేతులు వణికాయి. గుమ్మం దగ్గర మోచేతులు విడిపోతున్నట్టయి పిల్లని దాదాపు జారవిడిచింది. పైడమ్మ ఒక్క అంగలో వచ్చి పట్టుకుంది.

మంజరి తన భుజాల కేసి చూసుకుంది. డాబా మీద ఇరవై కిలోలు నూట ఇరవైసార్లు ఎత్తే భుజాలు. చెక్కినట్టున్నాయి.

"ఇదేం రోగం కాదండీ," అన్నాడు మర్నాడు వైద్యుడు. "సారథి మీ కండకి నేరుగా ఆజ్ఞ ఇస్తుంది. మీ మెదడుని అడగదు. ఆరేళ్లుగా మీరు మీ అంతట మీరు బరువు మోసిందే తక్కువ. మెదడుకీ చేతులకీ మధ్య దారి మూసుకుపోయింది. మీ ఒక్కరికే కాదు, ఈ ఊళ్లో చాలామందికి ఇంతే. ఎవరికీ ఎత్తాల్సిన అవసరం రాలేదు కనుక తెలియలేదు."

"మళ్లీ రాదా?"

"వస్తుంది. మీరే మెలకువగా ఉండి సాధన చెయ్యాలి. రోజుకి రెండు గంటలు, రెండు మూడేళ్లు."

"అప్పటికి పిల్ల ఆరేళ్లది అయిపోతుంది," అంది మంజరి. ఆయన చేయాల్సిన సాధనలు కాగితం మీద రాసిచ్చాడు.

ఇంట్లో జాబిలి ఏడవడం మానేసింది. తినడమూ మానేసింది. కోతకి వేసిన కుట్లు ఆరుతున్నా గోడకేసి తిరిగి పడుకునేది. మంజరి పక్కన పడుకుని దగ్గరికి తీసుకోబోతే ఒళ్లు బిగపట్టుకునేది. మంజరి కూర్చుని ఒళ్లోకి లాక్కుని, లేవబోయి, లేవలేక, మళ్లీ కూర్చుంది. రెండోసారీ అంతే. మూడోసారి జాబిలి జాలిపడ్డట్టు తల్లి చెంప నిమిరింది.

"పర్లేదమ్మా. నువ్వు మీటింగుకి వెళ్లు. ఆ అమ్మ ఎత్తుకుంటుంది."

మంజరి పిల్లని ఒళ్లోంచి పక్క మీదికి దించింది. తర్వాత లేచి సారథి కార్యాలయంతో మాట్లాడింది. తన మెట్టుని ఎనిమిది నుంచి ఒకటికి దించమంది. మొదటి మెట్టులో అయితే, చిక్కిపోయిన జాబిలిలాంటి పది కిలోల బరువుని కూడా సారథి ఒప్పుకుంటుంది.

"ఒకసారి దింపితే ఏడాది దాకా పెంచడం కుదరదండి," అంది అవతలి గొంతు. "మీ పట్టికలో ఉద్యోగోన్నతి పరిశీలనలో ఉన్నట్టు కనిపిస్తోంది. ఖాయమేనా?"

"ఖాయమే."

గంటలోపే శశిరేఖ నుంచి కబురొచ్చింది. 'నీ మీద పెట్టుకున్న నమ్మకమంతా పోయింది. కుర్చీ వేరేవాళ్లకి ఇస్తున్నాం.' మంజరి అది చదివి మూసేసింది. ఆ క్షణంలో ఆమెకి బాధ అనిపించలేదు. తను చేయాల్సిందేదో చేసేశాననే అనిపించింది.

మర్నాడు పొద్దున్న పైడమ్మ పిల్లకి స్నానం చేయించి, కుట్ల మీద గుడ్డ కట్టి, వలయంలో నిలబెట్టింది. మంజరి ఎదురుగా నిలబడి పట్టీ కట్టుకుంది. జాబిలి తల్లి కళ్లలోకే చూస్తోంది, ఎప్పుడు మూతపడతాయా అని.

"సిన్నమ్మా," అంది పైడమ్మ మెల్లగా, "ఎల్లకపోతే కాదేటి? గుంటని అలగ కూకోబెట్టుకుని..."

"వద్దంటోంది పైడమ్మా," అని మంజరి పట్టీ నొక్కింది.

మనోవేదికలో ఆమెకి ఆ రోజు ఏ సమావేశమూ లేదు. అయినా మనసు ఉండడానికి వేరే చోటు లేదు. ఖాళీ గది, గుండ్రటి బల్ల, చుట్టూ ఇరవై కుర్చీలు. మీ సమావేశం ఏదని ద్వారం అడిగింది. ఏదీ లేదని చెప్పి ఆమె ఒక కుర్చీలో కూర్చుంది. చేతులు బల్ల మీద పెట్టుకుంది. ఆ చేతులకు బరువు లేదు, వేడి లేదు. బయట తన చేతుల్లో పిల్ల నవ్విందో, నిద్రపోయిందో, చెంప ఏ భుజానికి ఆనించిందో ఊహించుకుందామని చూసింది. ఏ భుజమో కూడా తెలియలేదు. గంటసేపు కూర్చోగలిగింది. ఆపైన ఉండలేక, వేళ కాకుండానే, తిరిగి ఒంట్లోకి వచ్చేసింది.

కళ్లు తెరిచింది. ఎడమ భుజం. పిల్ల తల అక్కడ ఉంది, జుట్టు తడిగా, శీకాకాయ వాసన. ఒంటి వేడి గొంతుకి తగులుతోంది. అప్పటికే మోచేతులు వణకడం మొదలుపెట్టాయి.

ఆ వణుక్కి జాబిలి మేలుకుంది. తలెత్తి, తెరుచుకున్న తల్లి కళ్లని చూసింది. పెదవి వంకర తిరిగింది.

"అప్పుడే వచ్చేశావా?"

"లేదమ్మా," అంది మంజరి. "వెళ్లిపోతున్నాను."

పిల్లని జారనివ్వకుండా గడ్డంతో అదిమిపెట్టి, ఒక చెయ్యి మెడ వెనక్కి పోనిచ్చి, పట్టీ నొక్కింది.