నట్టేట నిలిచే పడవ

మొగలిసీమ అనే లంకల రాజ్యాన్ని ఒక పొగమంచు పట్టుకుంది. పొద్దున కమ్మి ఎండ రాగానే విడిపోయే మంచు కాదది. సరస్సు నడుమ కూర్చుని కదలనే లేదు. తెడ్డు వేసుకుంటూ అందులోకి వెళ్లిన పడవ ఎటు తిప్పినా బయలుదేరిన రేవుకే తిరిగి వచ్చేది. తెరచాప ఎత్తినా అంతే.

ఆస్థాన జ్యోతిష్కుడు గవ్వలు వేసి చూశాడు. "ఇది మంత్రపు మంచు. మనిషి చెయ్యీ దీనికి తెలుసు, గాలీ తెలుసు. రెంటినీ వెనక్కి తిప్పేస్తుంది. ఎవరైనా ఒక్కరు దీన్ని దాటి అవతలి ఒడ్డు ముట్టుకుంటే మాత్రం విడిపోతుంది" అన్నాడు.

ఆ అవతల, గవ్వలదిబ్బ మీద, మంచు పట్టకముందే వెళ్లిన యువరాజు హేమధ్వజుడు చిక్కుకుపోయాడు. అతన్ని తీసుకువెళ్లిన పడవవాడు పోలయ్య కూడా అక్కడే ఉండిపోయాడు.

పోలయ్య కూతురు నూకాలు. ఆ పిల్ల తక్కువ మాట్లాడేది, ఎక్కువ చూసేది. రోజూ రేవు మెట్ల మీద కూర్చుని, మంచుకు పైన లేచే వాళ్ల పొయ్యి పొగను చూసేది. మొదట్లో అది మోకులా లావుగా లేచేది. ఇప్పుడు దారంలా సన్నబడింది. ఆ దారం తెగకముందే అయ్యను చేరుకోవాలి.

'చెయ్యీ గాలీ కాకుండా పడవను నడిపేది మరేముంది?' అని ఆలోచించి, నూకాలు రాణిగారి దగ్గరకు వెళ్లింది.

"అమ్మగోరూ, కోట వెనక పాకలో మోటారు పడవ ఉంది కదా. నాకిప్పించండి."

రాణి ముఖం నల్లబడింది. దూరదేశపు వర్తకుడొకడు ముసలి రాజుగారికి బహుమానంగా ఇచ్చిన పడవ అది. ఊరికే నట్టేట నిలిచిపోయేది. చివరికి ఒక గాలివానలో నిలిచిపోయి, రాజుగారిని నీళ్లపాలు చేసి, ఖాళీగా ఒడ్డుకు కొట్టుకువచ్చింది.

"అది మనుషుల్ని నట్టేట ముంచే పడవే పిల్లా! దాన్నెందుకు అడుగుతున్నావు? నిన్నెవరు పంపారు?"

"ఎవరూ పంపలేదండి. అది చెడిపోయింది గానీ చచ్చిపోలేదు."

రాణి ఆమెను చాలాసేపు అనుమానంగా చూసింది. కిటికీలోంచి ఆ సన్నని పొగను కూడా చూసింది. చివరికి పాక తాళంచెవి ఇచ్చింది.

నూకాలు పుచ్చిన పలకలు ఊడదీసి కొత్తవి బిగించింది. సందుల్లో కొబ్బరిపీచు కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూసింది. తరువాత ఇంజను విప్పింది. ఊడదీసిన ప్రతి ముక్కనూ తీసిన వరుసలోనే గోనెపట్టా మీద పేర్చింది. మసిపట్టిన ప్లగ్గును ఇసుకతో రుద్ది తళతళలాడించింది. ఇంజను అడుగున నీటిని వెనక్కి నెట్టి పడవను నడిపే పంకా దగ్గర మాత్రం ఆగిపోయింది. ఇరుసుకూ పంకాకూ అడ్డంగా ఒక ఇనుప మేకు దిగ్గొట్టి ఉంది. లోపల పళ్లచక్రానికి ఒక పన్ను విరిగింది.

మేకును తిప్పి తిప్పి చూసింది. మిగతా పని అంతా నాజూకైనది. ఈ మేకు ఒక్కటే మొరటుగా ఉంది. 'ఇది ఈ ఇంటి పిల్ల కాదు' అనుకుంది. ఎవరికీ చెప్పకుండా దాన్ని కొంగున ముడివేసుకుని, పెట్రోలు కోసం, ఆ మేకు స్థానంలో ఉండవలసిన దాని కోసం, ముసలి రాజుగారు ఇంజను సరుకులకు వెళ్లేవారని రేవులో చెప్పుకునే అడవిదారి పట్టింది.

అడవి మొదట్లో ఒక ముని కనిపించాడు. జపం చేసుకుంటూ తలెత్తకుండానే పలికాడు.

"రా తల్లీ! తండ్రి కోసం తపిస్తున్న నీ మనసు నాకు తెలుసు. ఈ డబ్బాలో పెట్రోలు ఉంది, తీసుకో. ఒక్కమాట. ముందున్న గుహలో రాక్షసి ఉంటుంది. దాని చేతి వస్తువు ముట్టుకోకు, మోసపోతావు."

"మీకు ఏటి ఇవ్వాలి సామీ?"

"ఏమీ వద్దు తల్లీ."

నూకాలు దణ్ణం పెట్టి డబ్బా ఎత్తుకుంది. ఏమీ వద్దన్న మాటే ఆమెకు గుచ్చుకుంది. రేవులో ఊరికే వచ్చిన చేప కుళ్లిందే అయి ఉంటుందని అయ్య అనేవాడు. చాటుకు వెళ్లి పెట్రోలును గాజు సీసాలో పోసి, కదపకుండా రాతి మీద పెట్టి కూర్చుంది. మెల్లగా సీసా అడుగున నీరు పేరుకుంది. పైన పెట్రోలు తేలింది.

'నీళ్లు కలిపి ఇచ్చాడు. నట్టేట ఇంజను ఆగిపోవాలనే కదా!' అనుకుంది. డబ్బా పారెయ్యలేదు. ఓపికగా సీసా తర్వాత సీసా తేరనిచ్చి, పైతేట మాత్రం వంచుకుని, అడుగు నీరు పారబోసింది.

సరస్సు గట్టునే ఉన్న ఆ గుహ దగ్గరకు చేరేసరికి లోపలినుంచి గొంతు ఉరిమింది.

"ఎవుర్తివే నువ్వు? పెట్రోలు కంపు కొడతన్నావ్!"

తుమ్మమొద్దులాంటి చేతులతో, చింపిరి జుట్టుతో రాక్షసి బయటికి వచ్చింది. నూకాలు ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా కొంగు విప్పి మేకు చూపించింది.

"ఇది పంకా దగ్గరుంది. ఇక్కడ ఉండాల్సిందేటో తెలుసా?"

రాక్షసి మేకును చూసి గుహ అదిరేలా నవ్వింది. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఆ కమ్మరోడి మేకు ఇంకా ఉందేటే? మీ ముసిలి రాజు పిన్నుల కోసం నా దగ్గరకే వొచ్చేవోడు. అంతలో కోటకి ఓ కొత్త కమ్మరోడొచ్చాడు. రాజుగారి ఇంజను మెత్తటి పిన్ను మీద నడవడం నామోషీ, ఇనుము కొడతానన్నాడు. కొట్టాడు. ఆ పళంగా మాయమైపోయాడు."

ఆమె రాతి గూటిలోంచి గుప్పెడు ఇత్తడి పిన్నులు తీసింది. నూకాలు ఒకదాన్ని పంటితో నొక్కి చూసింది. మెత్తగా ఉంది.

"ఇది ఇరిగిపోద్ది కదా!"

"ఇరగడమే దాని పని."

"ఇరిగేదాన్ని ఇచ్చి నన్ను నట్టేట దింపుతావా?"

"పోనీ, తీసుకోకు!" రాక్షసి కళ్లెర్రజేసింది. "నీ అనుమానం నీ దగ్గరుంచుకో. ఇంజను నడిత్తే ఆ సప్పుడు మాత్రం నాకు ఇనిపించాలి. అదే దీని ఖరీదు. ఈ గుహలో నాతో మాటాడే దిక్కు లేదు."

ఖరీదు అడిగింది కాబట్టి నూకాలు పిన్నులు తీసుకుంది. రాక్షసులు కథలు బాగా చెబుతారని విన్నది కాబట్టి ఇనుప మేకును పారెయ్యకుండా మళ్లీ కొంగున ముడివేసుకుంది.

మర్నాడు పళ్లచక్రానికి విరిగిన పన్ను చోట కొత్తది అతికి, ఇత్తడి పిన్ను వేసి, రేవులో తాడు పట్టి లాగింది. ఇంజను దగ్గింది. మళ్లీ లాగింది. తుమ్మింది. ఒడ్డున జనం "అది మింగే పడవే, దిగిపోవే!" అని అరుస్తుండగా ఇంకోసారి బలంగా లాగింది. ఇంజను గురగురమని అందుకుంది. వెనకనుంచి నీళ్లు సన్నని ధారగా చిమ్మాయి. ఒళ్లు చల్లబరచుకునే నీరు ఇంజనుకు అందుతోందని అదే గుర్తు.

మంచు పడవను మింగింది. కానీ వెనక్కి తిప్పలేకపోయింది. ఇంజను సంగతి దానికి తెలియదు.

"ఇటు రా బిడ్డా, ఇటు!" అని ఎడమవైపునుంచి అయ్య గొంతు వినిపించింది.

నూకాలు చుక్కాని తిప్పబోయి ఆగింది. ముక్కు ఎగబీల్చింది. పొయ్యి పొగ వాసన కుడివైపునుంచి వస్తోంది. గొంతు ఎవరిదైనా కావచ్చు, వాసన అబద్ధమాడదు. కుడికే నడిపింది.

ఒక్కసారిగా నీటి అడుగున ఏదో 'ఠక్' మంది. ఇంజను గొంతు చించుకుని అరుస్తోంది, పడవ మాత్రం కదలడం లేదు. పిన్ను విరిగింది.

మంచులోంచి ముని నడిచి వచ్చాడు, నీళ్ల మీద.

"చెప్పానా తల్లీ! రాక్షసి నిన్ను నట్టేట ముంచింది. ఇంకా మించిపోలేదు. నీ కొంగున ఉన్న ఇనుప మేకు కొట్టు. అది ఎన్నటికీ విరగదు."

నూకాలు చెయ్యి కొంగు మీదకు వెళ్లింది. మోసపోయానని కళ్లనీళ్లు వచ్చాయి. పైన పొగ దారం తెగుతూ అతుకుతూ ఉంది. ముడి సగం విప్పాక ఆమె వేళ్లు ఆగాయి.

"సామీ, ఈ మేకు మీకు నేను సూపించలేదే?"

ముని చేతిలో జపమాల తిరగడం ఆగింది.

ఆమె ఇంజనును పైకి ఎత్తి చూసింది. అడుగున ఉన్నది కరకు రాయి. ఆ దెబ్బకు పంకా రెక్కలు ముక్కలు కావాలి. కానీ రెక్కలు బాగున్నాయి. పళ్లచక్రాన్ని తిప్పి చూసింది, అదీ బాగుంది. విరిగింది చిటికెనవేలంత పిన్ను ఒక్కటే. దెబ్బంతా అది తిని, మిగతా ఇంజనును బతికించింది.

"ఆ కమ్మరోడివి నువ్వే!" అంది నూకాలు. "ముసిలి రాజుని సంపింది ఈ మేకే. ఈ మంచు ఏసిందీ నువ్వే. సరస్సంతా నీదవ్వాలనే కదా!" అంటూ మేకును అతని మీదకు విసిరింది. ముని గడ్డం, జపమాల, ముఖం అన్నీ ఆవిరిలా చెదిరిపోయాయి. మేకు బుడుంగున మునిగింది.

విరిగిన ముక్కను తీగతో పొడిచి తీసి, కొత్త పిన్ను దూర్చి, పంకా బిగించింది. రాయిని తప్పించుకుంటూ మెల్లగా నడిపింది. పడవ ముక్కు గవ్వలదిబ్బ ఇసుకను తాకగానే, మాసిన దుప్పటి లాగేసినట్టు మంచు తొలగి ఎండ కాసింది.

చిక్కి సగమైన పోలయ్య తూలుతూ నీళ్లలోకి వచ్చాడు. కూతుర్ని పట్టుకుని ఏడవబోతూ, ఇంజను వైపు చూశాడు. "నీళ్లు బాగా సిమ్ముతోందా అమ్మా?" అన్నాడు.

"సిమ్ముతోంది అయ్యా" అని నూకాలు అతని భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

తిరుగు ప్రయాణంలో నూకాలు నేరుగా రేవుకు పోలేదు. యువరాజు ఆకలితో నకనకలాడుతున్నా, పడవను ముందు గుహ ఉన్న గట్టు పక్కనుంచి చుట్టూ తిప్పింది. గుహలోంచి గట్టిగా నవ్వు వినిపించాకే ఇంటిదారి పట్టింది.

రాణి ఆమెను రేవులన్నిటికీ అధికారిణిగా నియమించింది. మా ఇంటి కోడలివి కావాలని కూడా అడిగింది. నూకాలు యువరాజును పైనుంచి కింది దాకా చూసి, "నట్టేట పిన్ను మార్చడం నేర్చుకున్నాక సూద్దాం అమ్మగోరూ" అంది. హేమధ్వజుడు నేర్చుకున్నాడు. చేతులు నల్లబడి, గోళ్లు చిట్లి, వానాకాలం గడిచేదాకా నేర్చుకున్నాడు. ఆ తరువాతే పెళ్లి జరిగింది.

మొగలిసీమలో ఇప్పటికీ పడవ నట్టేట ఆగితే ఎవరూ కేకలు పెట్టరు. "ఇరిగిందా?" అని అడుగుతారు. "ఇరిగింది" అని జవాబు వస్తే, "హమ్మయ్య" అనుకుని, కొంగున ముడివేసుకున్న ఇత్తడి పిన్ను తీసి ఇస్తారు.