నాలుగు వేళ్ల మేర మిగిలిన రంగు

శనివారం పొద్దున్న ఊనా రెండు గుడ్లు ఉడకబెట్టింది. ఒకటి నాన్నకి, ఒకటి తనకి. ఫిబ్రవరి నుంచీ రెండే. టీ కెటిల్‌లో నీళ్లు మాత్రం ఇప్పటికీ ముగ్గురికి సరిపడా పోస్తుంది, మిగిలినవి సింకులో ఒంపేస్తుంది. మర్చిపోయి కాదు. తక్కువ పోయడానికి చెయ్యి రాదు, అంతే. ఆ వేళ కెటిల్ దించుతుంటే ఆవిరి మణికట్టుకి కొట్టింది. కాసేపయ్యాక ఎర్రగా కందిన చర్మం కంటపడితే గానీ కాలిందన్న సంగతే తెలియలేదు ఆమెకి.

తండ్రి ఫింటన్ బల్ల దగ్గర కూర్చుని రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు. కోవ్ ఊళ్లో, రేవుకి ఎదురుగా కొండ మీదికి మెట్లుమెట్లుగా ఎక్కే ఆ ఇళ్ల వరసల్లో, ఆయన చెయ్యి పడని కిటికీ వెతికినా దొరకదు. పైకీ కిందికీ జరిగే పాతకాలపు చెక్క కిటికీలు. తెగిన తాళ్లు మార్చడం, పుచ్చిన చెక్క కోసి అతుకు వేయడం, అద్దాల చుట్టూ రాలిన లప్పం తీసి కొత్తది పెట్టడం. అదే ఆయన బతుకు. కీళ్లు వాచి వేళ్లు వంకరపోయాక ఉలి పట్టడం మానేశాడు గానీ నోరు మానలేదు. దారినపోతూ ఎవరింటి కిటికీ చూసినా ఒక తిట్టు తిట్టకుండా కదిలేవాడు కాదు. ఆ నోరూ భార్య నూలా పోయిన నాడే మూతపడింది.

"ఉప్పు సరిపోయిందా నాన్నా?"

"ఆఁ."

"మధ్యాహ్నానికి చేప తేనా?"

"నీ ఇష్టం."

ఇంట్లో మాటలంటే అవే. ఏడుపుల్లేవు, పోట్లాటల్లేవు. అమ్మ పోయిన రోజున కూడా ఊనా ఏడవలేదు. వచ్చినవాళ్లకి టీలు పోసింది, కప్పులు కడిగింది, మళ్లీ పోసింది. గట్టి పిల్ల అన్నారందరూ. గట్టితనమూ లేదు, పాడూ లేదు. పన్ను పీకించుకున్నాక చెంప మొద్దుబారుతుంది చూడండి, అలా ఉంది ఆమెకి ఒళ్లంతా.

పదింటికి తమ్ముడు కోలమ్ వచ్చాడు. వాడి కారులోనే పెగ్ పిన్నీ దిగింది. నూలాకి చెల్లెలు ఈవిడ. మనసు వెన్నే, కాదనం. నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు.

"ఏమే ఊనా, ఆ మొహమేంటే? బేకరీలో పిండి పిసికీ పిసికీ నువ్వూ పిండిలాగే తయారయ్యావు."

"కూర్చో పిన్నీ. టీ పోస్తాను."

కోలమ్ నిలబడే ఉన్నాడు. చెప్పాల్సింది నోటి చివర పెట్టుకుని వచ్చినవాడిలా ఉన్నాడు.

"నాన్నా, ఆ కిటికీల సంగతి ఖాయం చేశాను. సోమవారం పొద్దున్నే మనుషులొస్తారు. పాతవన్నీ పీకేసి ప్లాస్టిక్‌వి బిగించేస్తారు. ఇంక గాలి రాదు, నీ దగ్గూ తగ్గుతుంది. నువ్వు సరేనన్నావు కదా, మళ్లీ మాట మార్చవుగా?"

"సరే అన్నానుగా" అన్నాడు ఫింటన్, గుడ్డు పెంకు మీంచి కళ్లెత్తకుండా.

పెగ్ పిన్ని కప్పు కింద పెట్టేసింది.

"బావా, ఒంట్లో బాగానే ఉందా? ప్లాస్టిక్ కిటికీలమ్మే కుర్రాడు గుమ్మం ఎక్కితే చీపురు తిరగేసి తరిమినవాడివి నువ్వేనా? అక్క గనక ఉంటే..." అని ఆగింది. ఆగి ఊరుకుంటే పెగ్ ఎందుకవుతుంది? "అయినా ఉంచి మాత్రం ఏం లాభంలే. అవసరానికి ఆ పైగది కిటికీ అక్కరకొచ్చిందా? ఊరందరి కిటికీలూ తెరిపించిన వడ్రంగి ఇంట్లో, అక్క వెళ్లడానికి జానెడు దారి లేకపోయింది."

"పిన్నీ!" అన్నాడు కోలమ్.

"నేనెవర్నీ అనలేదురా. ఊరికే అన్నాను."

ఊరికే అన్నా తగలాల్సినచోటే తగిలింది. అయినా ఊనాకి నొప్పి తెలియలేదు. ఫిబ్రవరి నుంచీ ఆ మాట ఆమె లోపల అరిగిపోయేంతగా తిరుగుతూనే ఉంది.

కిటికీకి రంగు వేసి మూసేసింది ఊనాయే. నవంబరులో రేవు మీంచి ఈదురుగాలి ఈలలు వేసుకుంటూ సందుల్లోంచి దూరేది. పైగదిలో మంచం పట్టిన అమ్మ మూడు దుప్పట్ల కింద వణికేది. తండ్రి చేతి ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో ఉన్నాడు. ఊనా సందుల్లో లప్పం కూరి, కిటికీ మూసి ఉండగానే రెండు పూతలు దట్టంగా రంగు వేసేసింది. రెక్కలు అటూ ఇటూ జరిపి వేయాలనీ, రంగు ఆరేలోపు మళ్లీ కదపాలనీ, లేకపోతే అతుక్కుపోతాయనీ ఆ ఇంట్లో పుట్టిన పిల్లికి కూడా తెలుసు. ఎండలు రానీ, కోసి తెరుద్దాంలే అనుకుంది.

ఎండలు రాకముందే అమ్మ వెళ్లిపోయింది. ప్రాణం పోగానే కిటికీ తెరవడం అక్కడివాళ్ల ఆనవాయితీ. ఆత్మకి దారివ్వాలి. మంచానికీ కిటికీకీ మధ్య ఎవరూ నిలబడకూడదు. కాసేపయ్యాక, పోయినవాళ్లు వెనక్కి తిరగకుండా మూసెయ్యాలి. ఫింటన్ వెళ్లి రెక్క పట్టుకుని ఎత్తాడు. కదల్లేదు. "రావట్లేదు" అన్నాడు. అంతే. పెగ్ పిన్ని పరుగున కిందికి వెళ్లి వంటింటి తలుపు బార్లా తెరిచింది గానీ, తలుపు కిటికీ అవుతుందా? ఆ రోజు నుంచీ తండ్రి తన మొహం సరిగ్గా చూడలేదు. ఎందుకో ఊనాకి తెలుసు. అడగాల్సిన అవసరమేముంది?

"పైగది కర్టెన్లు దించేస్తాను. సోమవారానికి గది ఖాళీగా ఉండాలిగా" అని లేచింది.

ఫింటన్ తల ఎత్తాడు. "నేను దించుతాలే."

"ఆ చేతులతోనా నాన్నా? కూర్చో."

ఆ గదిలో ఊనా కాలుపెట్టి చాలా రోజులైంది. పడుకునేదీ ఊడ్చుకునేదీ ఆయనే. కుర్చీ మంచం పక్కనే ఉంది. అమ్మ కళ్లద్దాలు బల్ల మీద ఉన్న చోటే ఉన్నాయి. స్టూలెక్కి కర్టెన్ కొక్కేలు విప్పుతుంటే కిటికీ చట్రం కంటపడింది.

రంగు కోసి ఉంది.

రెక్కకీ చట్రానికీ మధ్య సన్నటి గాటు. ఎడమవైపు పైనుంచి కిందిదాకా, అడుగునంతా, కుడివైపు కిందినుంచి పైకి. ఎక్కడా జారలేదు, చెక్కకి తగల్లేదు. వేళ్లు వంకరపోయినా అలా కోయగల చెయ్యి ఈ ఇంట్లో ఒక్కటే. కుడివైపు పైకి వెళ్తూ వెళ్తూ గాటు ఆగిపోయింది. నాలుగు వేళ్లు ఆనించి చూసింది. సరిగ్గా ఆ మేర, తను వేసిన రంగు అలాగే ఉంది. గాటులో దుమ్ము నల్లగా గడ్డకట్టి ఉంది. నిన్న కోసింది కాదు, మొన్న కోసిందీ కాదు.

"నాన్నా!"

ఆ కేక తనదేనా అనిపించింది ఊనాకి. కింద కప్పులు గలగలమన్నాయి. ఫింటన్ మెట్లెక్కి వచ్చాడు. వెనకే వచ్చిన కోలమ్ గుమ్మంలో ఆగిపోయాడు.

"ఇదేంటి?"

ఫింటన్ కిటికీ వంక చూడలేదు. "ఎప్పటిదో."

"నేను రంగు వేసింది నవంబరులో. ఎప్పటిదో ఎలా అవుతుంది? ఎప్పుడు కోశావు?"

ఆయన మంచం అంచున కూలబడ్డాడు. వంకరపోయిన వేళ్లు ఒళ్లో పెట్టుకుని వాటితోనే చెబుతున్నట్టు మాట్లాడాడు.

"ఆ రోజే. మీరంతా కిందికెళ్లారు, చర్చి ఫాదర్‌కి ఫోన్ చెయ్యాలని. నేనూ మీ అమ్మా ఉన్నాం. జేబులో చాకు ఉంది. ఎంతసేపు పని అది? ఇలాంటివి ఎన్ని విడదీశాను నా జన్మలో! కోసుకుంటూ వచ్చాను. ఇంక ఆ కాస్త కోస్తే రెక్క లేచిపోతుంది. లేస్తే వెళ్లిపోతుందిగా, ఊనా."

ఆయన జేబు మీద అరచెయ్యి వేసుకున్నాడు.

"చాకు మడిచేశాను. కొన్నాళ్లు ఉండనీలే అనుకున్నా. రోజూ పడుకునే ముందు ఇవాళ కోద్దాం అనుకుంటా. ఇదిగో, ఇప్పటిదాకా."

ఊనా స్టూలు దిగింది. ఇన్ని నెలలకి ఒంట్లో కదిలిన మొదటిది కోపం.

"మరి నేను? పిన్ని అందరి ముందూ అంటుంటే నువ్వు అక్కడే కూర్చుని ఉన్నావు. నా వల్లే అమ్మకి దారి లేకుండా పోయిందని రోజూ చస్తున్నాను నేను. నువ్వు నా మొహం చూడట్లేదని చస్తున్నాను. ఒక్క మాట అనలేకపోయావా నాన్నా? అది కాదర్రా, ఆపింది నేనేనని ఒక్క మాట!"

"నీ మొహం ఏ మొహం పెట్టుకుని చూడమంటావు?" అన్నాడాయన. "నా తప్పు నీ నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నావు. చెబితే తెరవమంటారు. తెరవలేను. అందుకే నోరు మూసుకున్నా. సిగ్గులేని ముసలాణ్ణి."

"అందుకేనా ప్లాస్టిక్‌కి సరేనన్నావు?" అన్నాడు కోలమ్ నెమ్మదిగా.

"నా చేత్తో కాదు కదరా అది. ఎవడో వస్తాడు, పీకుతాడు, అయిపోతుంది. నేను రేవుకి వెళ్లి కూర్చుందామనుకున్నా."

ఊనాకి అప్పుడు తండ్రి మీద జాలి పొంగుకొచ్చింది. కోపం పోలేదు, దాని పక్కనే వచ్చి కూర్చుంది. పరాయివాళ్లు వచ్చి గడ్డపారతో ఈ కిటికీ ఊడదీస్తుంటే, ఈయన రేవులో బల్ల మీద కూర్చుని ఓడలు చూస్తుంటాడు. అమ్మ అలా వెళ్లాలా?

"చాకు ఇలా ఇవ్వు" అంది.

ఫింటన్ ఆమె వంక చూశాడు. చాలా రోజుల తర్వాత, సూటిగా. జేబులోంచి చాకు తీసి ఇచ్చాడు.

ఊనా స్టూలెక్కి గాటు ఆగినచోట మొన పెట్టింది. ఆయన లేచి వచ్చి ఆమె చేతి మీద తన చెయ్యి వేశాడు. ఆ నాలుగు వేళ్ల మేరా ఇద్దరూ కలిసే కోశారు. రంగు పెచ్చులుపెచ్చులుగా నేల మీద రాలింది.

"ఆగు, ఎత్తకు" అన్నాడు ఫింటన్ ఉన్నట్టుండి. గొంతులో పాత కరుకు. "తాళ్లు పుచ్చిపోయి ఉంటాయి. ఎత్తితే రెక్క దభీమని పడి అద్దం పగులుద్ది. మీ అమ్మని పగిలిన అద్దంలోంచి పంపుతావా? ముందు రెక్కని ఆపే ఈ బద్ద ఊడదియ్. చివర్న కాదే, మధ్యలో! మధ్యలో ఉలి పెడితే విల్లులా వంగి వచ్చేస్తుంది, చివర పెడితే విరుగుతుంది. ఎన్నిసార్లు చెప్పాను?"

"ఒక్కసారి కూడా చెప్పలేదు నాన్నా. చేతికి ఉలిచ్చిందెప్పుడు?"

"చూస్తూ పెరిగావుగా!"

కోలమ్ ఫోన్ పట్టుకుని తల గోక్కున్నాడు. "సోమవారం వచ్చేవాళ్లకి ఇప్పుడు ఏం చెప్పమంటారు?"

"ఈ ఇంటి వడ్రంగి ఇంకా బతికే ఉన్నాడని చెప్పు" అన్నాడు ఫింటన్.

మధ్యాహ్నమంతా అదే పని. చేపా లేదు, వంటా లేదు. పెగ్ పిన్ని రొట్టెముక్కలు పైకి తెచ్చింది. సంగతంతా కోలమ్ చెప్పేశాడు కాబోలు, పళ్లెం ఊనా చేతిలో పెట్టి, "నా నోరు కాల్చాలే" అని ఆమె చెంప నిమిరింది.

రెక్క బయటికి వచ్చింది. అనుకున్నట్టే తాళ్లు రెండూ చివికిపోయి ఉన్నాయి. చట్రం పక్కన, గోడలో దాగిన సన్నటి అరలోంచి ఇనుపగుళ్లు రెండూ కోలమ్ పైకి లాగాడు. రెక్క బరువుకి తూకంగా తాళ్లకి వేలాడే గుళ్లవి. ఊనా కొత్త తాడు కొసకి బరువు కోసం వంచిన మేకు కట్టి కప్పీ మీంచి జారవిడిచింది. ముడి మాత్రం ఫింటనే చూపించాడు. వేళ్లు వంగక రెండుసార్లు జారిపోయింది. మూడోసారికి ఆయన చెప్పాడు, ఊనా వేసింది.

"ఇప్పుడు రెక్క జారే దారికి మైనం రాయాలి" అన్నాడు.

ఇంట్లో ఉన్న మైనం ఒక్కటే. ఆ రోజు ఆఖరి ఘడియల్లో అమ్మ చేతిలో పెట్టి వెలిగించిన కొవ్వొత్తి ముక్క. ఊనా అడగలేదు. ఆయనే సొరుగులోంచి తీసి ఇచ్చాడు.

బద్ద మళ్లీ బిగించారు. రేవు మీద సాయంత్రపు ఎండ. అందరూ మంచానికీ కిటికీకీ మధ్యనుంచి పక్కకి జరిగారు, ఎవరూ చెప్పకుండానే.

"నువ్వెత్తు నాన్నా."

"చేతులు లేవవే."

"వేళ్లతో పన్లేదు. అరచేతులు ఆనించు చాలు."

ఆయన అరచేతులు ఆనించాడు. ఎత్తాడు. రెక్క మెత్తగా లేచింది, గోడలో ఇనుపగుళ్లు రెండూ దిగుతూ చెక్కకి తగిలి డొక్, డొక్ మన్నాయి.

ఆ చప్పుడు! చిన్నప్పుడు రోజూ పొద్దున్నే, కళ్లు తెరవకముందే వినబడే చప్పుడు. అమ్మ లేచింది, కిటికీ ఎత్తింది, ఇంక కిందికొచ్చి టీ పెడుతుంది అని దుప్పట్లోంచే తెలిసే చప్పుడు. ఊనా గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. "అమ్మా" అంది. తర్వాత ఏడుపు వచ్చింది, ఆపుకోలేనంత, అరిచినంత. కాలిన మణికట్టు ఇప్పుడు భగ్గుమంది. ఫింటన్ పక్కనే నేలమీద కూర్చుని ఆమె తల తన భుజానికి హత్తుకున్నాడు. ఆయన కన్నీళ్లు ఆమె జుట్టులోకి దిగుతున్నాయి. పెగ్ పిన్ని నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నట్టు ఏప్రన్ అడ్డం పెట్టుకుంది. ఒక్క మాట అంటే ఒట్టు.

ఉప్పుగాలి గదిలోకి వచ్చి తిరిగి పోతోంది. కింద రేవులో ఓడేదో కూత వేసింది. చీకటి పడబోతుంటే ఫింటన్ కళ్లు తుడుచుకుని కిటికీ వైపు చూశాడు.

"మూసెయ్యాలి ఊనా. తెరిచి ఉంచితే వెనక్కి వస్తుందంటారు."

ఊనా లేవలేదు.

"రానీ నాన్నా" అంది. "చలేస్తే తనే మూసుకుంటుంది."